వలెస్కా గెర్ట్‌కి చిన్న పాత్రలే ఇవ్వడం జర్మన్ సినిమా చేసిన తప్పా?

పాతరీలు:
ఈ వారం దర్శకుడు జి. డబ్ల్యూ. పాబ్‌స్ట్ సినిమాలు మూడు వరసపెట్టి చూశాను. 1925 నాటి ‘జాయ్‌లెస్ స్ట్రీట్’, 1929 నాటి ‘డైరీ ఆఫ్ ఎ లాస్ట్ గర్ల్’, 1931 నాటి ‘త్రీపెన్నీ ఒపెరా’. మొదటిదాంట్లో గ్రెటా గార్బో, ఆస్టా నీల్సెన్. రెండోదాంట్లో లూయీస్ బ్రూక్స్. మూడోదాంట్లో కరోలా నేహర్, లోటె లెన్యా. హీరోయిన్లు మారిపోతున్నారు కానీ మూడింటిలోనూ కనిపించిన మొహం మాత్రం నటి వలెస్కా గెర్ట్‌ది.

‘జాయ్‌లెస్ స్ట్రీట్’ కథ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ధరలు మండిపోతున్న వియన్నాలో జరుగుతుంది. మాంసం కోసం జనం రాత్రంతా క్యూలో నిలబడతారు. అందులో గెర్ట్ వేసింది ఫ్రౌ గ్రైఫర్ పాత్ర. పైకి బట్టల షాపు, లోపల రాత్రి క్లబ్బు. ఇల్లు గడవని గార్బోకి ఒక బొచ్చు కోటు తొడిగి, డబ్బు తర్వాత ఇద్దువులే అంటుంది. ఆ అప్పే ఉచ్చు. చాలా తక్కువసేపు కనిపించినా, నాకు గుర్తున్నది గార్బో కన్నీళ్ళు కాదు, గెర్ట్ నవ్వే.

1892లో బెర్లిన్‌లో పుట్టిన ఈవిడ ఆ ఊళ్ళో పేరు మోసిన డాన్సర్. ఇరవైల దశకంలో ఆవిడ సోలో ప్రోగ్రాముల గురించి పెద్దపెద్ద వాళ్ళు మాట్లాడుకున్నారు. అలాంటి మనిషిని తీసుకొచ్చి పనిమనిషి, తార్పుడుగత్తె, వార్డెన్ పాత్రలిచ్చారు. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. మీరేమంటారు?

నేపథ్యం:
పాతరీలు గారూ, నేను ఒప్పుకోను. మీరు అన్యాయం అంటున్నదే ఆవిడ బలం అని నా అభిప్రాయం.

ఆవిడ డాన్సులు ఎంతసేపు ఉండేవి? రెండు మూడు నిమిషాలు. ‘మరణం’ అనే డాన్సు తీసుకోండి. పొడవాటి నల్ల గౌనులో నిలబడుతుంది. దాదాపు కదలదు. పిడికిళ్ళు మెల్లగా బిగుసుకుంటాయి. శబ్దం లేకుండా నోరు తెరుచుకుంటుంది. తర్వాత ఒళ్ళంతా వదులైపోయి తల వాలిపోతుంది. అంతే, అయిపోయింది. ఇంకొకటి ‘పాజ్’. 1920 ప్రాంతంలో బెర్లిన్ సినిమా హాల్లో రీళ్ళు మార్చే విరామంలో స్టేజీ మీదికొచ్చి, ఏమీ చేయకుండా నిలబడింది. అదే డాన్సు.

ఇంత కుదించి చెప్పే మనిషికి రెండు గంటల హీరోయిన్ పాత్ర ఎందుకండీ? అయిదు నిమిషాల పాత్రే ఆవిడ కొలతకి కుట్టిన చొక్కా. మనం ‘క్యారెక్టర్ ఆర్టిస్ట్’ అన్న మాటని చిన్నచూపుగా వాడతాం కాబట్టి ఇది అన్యాయంలా కనిపిస్తోంది.

వేపచెట్టు:
చిన్న పాత్ర అయితే అయింది. ఎలాంటి చిన్న పాత్ర అన్నది కదా అడగాలి. 1926లో ఫ్రెంచ్ దర్శకుడు రెన్వా ‘నానా’లో పనిమనిషి. 1928 ‘ఆల్రౌనె’లో వీధి ఆడది. పాబ్‌స్ట్ దగ్గర ఒకసారి అమ్మాయిల్ని వలేసి పట్టే షాపు యజమానురాలు, ఇంకోసారి అమ్మాయిల్ని హింసించే వార్డెన్. ఒక్క మంచి మనిషి లేదు. 1925లో ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లో పక్ అనే అల్లరి దేవత వేషం ఇచ్చిన దర్శకుడు నాకు నయమనిపిస్తాడు. కనీసం ఒకచోటైనా ఆవిడని ఆడుకోనిచ్చాడు.

నేపథ్యం:
వేపచెట్టు గారూ, స్టేజీ మీద ఆవిడ తనంతట తాను ఎంచుకున్నవి ఎవర్ని? వేశ్య, బాక్సర్, చస్తున్న మనిషి. బెర్లిన్ రోడ్ల మీద ట్రాఫిక్‌ని కూడా డాన్సు చేసింది. మర్యాదస్తులు చూడ్డానికి ఇష్టపడని వాళ్ళనే ఏరుకుంది. మంచి తల్లి పాత్ర ఇచ్చి ఉంటే ఆవిడే వద్దనేదేమో.

పాతరీలు:
తేడా ఉంది కదండీ. స్టేజీ మీద వేశ్య డాన్సు చేసినప్పుడు ఆ వేశ్య ఒంటిమీద పడే దెబ్బ మనకి తగులుతుంది. అక్కడ ఆవిడే కథ. సినిమాలో ఆవిడ ఇంకొకరి కథకి అడ్డుపడే రాయి. బ్రూక్స్ బాధపడాలంటే ఎవరో ఒకరు బాధపెట్టాలి, అందుకని గెర్ట్‌ని పెట్టారు.

మువ్వలసవ్వడి:
నేను పన్నెండేళ్ళు డాన్సు నేర్చుకున్నదాన్ని కాబట్టి ‘డైరీ ఆఫ్ ఎ లాస్ట్ గర్ల్’లోని ఆ వార్డెన్ సీను గురించి ఒక మాట. పాతరీలు అక్కా, మీరు దాన్ని మళ్ళీ చూడాలి.

దారి తప్పారని అమ్మాయిల్ని పెట్టే ఆశ్రమం అది. భోజనాల గదిలో అమ్మాయిలంతా బల్లల ముందు కూర్చుంటారు. గెర్ట్ తాళం కొడుతుంటే, ఆ తాళానికే చెంచాలన్నీ ఒకేసారి సూపులోకి దిగి, ఒకేసారి నోటికి వెళ్ళాలి. రాత్రి పడుకునే ముందు అమ్మాయిల చేత వ్యాయామం చేయిస్తుంది. ఈసారి గంట కొడుతూ తాళం వేస్తుంది. మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతుంది. అమ్మాయిలు అలసిపోతుంటే ఆవిడ మొహంలో సంతోషం పెరిగిపోతుంది. కళ్ళు ఎటో వెళ్ళిపోతాయి, భుజాలు, మెడ ఊగుతాయి. అది ఎలాంటి సంతోషమో చూసేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మాటలు లేని సినిమా. ఆ గంట మనకి వినపడదు. అయినా లయ పట్టుకోగలం, ఎందుకంటే అది ఆవిడ ఒంట్లో ఉంది. ఏ మామూలు నటి వేసినా అక్కడ ఒక కఠినమైన వార్డెన్ కనిపిస్తుంది. గెర్ట్ వేస్తే, అధికారం చేతికొచ్చిన మనిషికి లోపల ఏమవుతుందో కనిపిస్తుంది. పాబ్‌స్ట్‌కి తెలిసే ఒక డాన్సర్ చేతికి ఆ తాళం ఇచ్చాడని నా నమ్మకం. నేను నేపథ్యం గారి పక్షం, కానీ ఆయన చెప్పిన కారణానికి కాదు. పాత్ర చిన్నదైనా అక్కడ డాన్సు పూర్తిగా ఉంది.

తెల్లకాగితం:
అందరూ మూడు సినిమాలంటున్నారు. ‘త్రీపెన్నీ ఒపెరా’ సంగతి ఎవరూ ఎత్తట్లేదు. నాకు అసలు కోపం అక్కడే.

1928 ఆగస్టు 31న బెర్లిన్‌లో ఆ నాటకం మొదటిసారి వేసినప్పుడు మిసెస్ పీచమ్‌గా చేసింది రోజా వాలెట్టి. తర్వాత ‘బ్లూ ఏంజెల్’, ‘ఎం’ సినిమాల్లో కనిపిస్తుంది, ఆవిడ కూడా గొప్ప క్యారెక్టర్ ఆర్టిస్టే. మగవాళ్ళు కామానికి ఎలా లొంగిపోతారో చెప్పే పాట ఒకటి మిసెస్ పీచమ్‌కి ఉంది. వాలెట్టి అది అసభ్యంగా ఉంది, పాడనంది. మొదటి ప్రదర్శనలో ఆ పాట తీసేశారు.

మూడేళ్ళ తర్వాత సినిమాలో అదే పాత్ర గెర్ట్‌కి వచ్చింది. వేశ్య డాన్సు ఒంటరిగా స్టేజీ మీద చేసిన మనిషి ఆ పాట పాడటానికి జంకుతుందా? కానీ సినిమాలో ఆ పాటే లేదు. నాటకంలోని పాటలు చాలా ఎగిరిపోయాయి. స్క్రిప్టు మీద గొడవై నాటకం రాసిన బ్రెక్ట్ సినిమా కంపెనీ మీద కేసు వేశాడు, ఓడిపోయాడు. ఆ గొడవలో ఎవరి హక్కులేమయ్యాయో అందరూ రాశారు. మిసెస్ పీచమ్ పాట గురించి ఎవరు రాశారు? ఆ పాట పాడటానికి పుట్టిన మనిషి సెట్‌లోనే ఉంది. నోరు మూయించారు. పాతరీలు గారి అన్యాయం అన్న మాట ఈ ఒక్క సినిమాకైతే నూటికి నూరుపాళ్ళు సరిపోతుంది.

నేపథ్యం:
తెల్లకాగితం గారూ, ఇది నిజంగా మంచి పాయింటు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

వేపచెట్టు:
ఇంకోటి. మనం చూస్తున్న ‘జాయ్‌లెస్ స్ట్రీట్’ పాబ్‌స్ట్ తీసినది కాదు, మిగిలినది. దేశదేశాల సెన్సార్లు తలో చోట కోశాయి. కొన్ని చోట్ల ఆస్టా నీల్సెన్ కథే చాలావరకు పోయింది. మ్యూనిక్ ఫిల్మ్ మ్యూజియం వాళ్ళు దొరికిన ముక్కలన్నీ కూర్చి నిలబెట్టారు. సెన్సార్ వాడికి మొదట కళ్ళల్లో పడేది ఏది? వ్యభిచారం నడిపే షాపు సీన్లే కదా. ఎవరు ఎన్ని నిమిషాలు కనిపించారని లెక్కేసే ముందు అది కూడా చూసుకోవాలి.

పాతరీలు:
మువ్వలసవ్వడీ, నువ్వు చెప్పాక ఆ సీను మూడుసార్లు చూశానమ్మా. నువ్వన్నది నిజం. భుజాలు చూడాలని నాకు ముందు తట్టలేదు. ‘వృథా చేశారు’ అన్న ఆలోచన మానుకుంటున్నాను. ‘అన్యాయం’ మాత్రం వదలను, కాకపోతే దాన్ని పాబ్‌స్ట్ మీద నుంచి తీసి అసలు చోట పెడతాను.

‘త్రీపెన్నీ ఒపెరా’ వచ్చిన రెండేళ్ళకి హిట్లర్ వచ్చాడు. గెర్ట్ యూదు కుటుంబంలో పుట్టింది. జర్మనీలో స్టేజీ లేదు, సినిమా లేదు. మాటల సినిమా అప్పుడే కాళ్ళూనుకుంటోంది, ఆవిడ గొంతుకి తగిన పాత్రలు అప్పుడు రాసి ఉండేవాళ్ళేమో. 1934లో లండన్‌లో ‘పెట్ అండ్ పాట్’ అనే చిన్న సినిమాలో మళ్ళీ పనిమనిషి. తర్వాత న్యూయార్క్‌లో ‘బెగ్గర్ బార్’ అని సొంతంగా ఒక చిన్న బార్ నడిపింది. పేరు తెలియని రోజుల్లో అమెరికన్ నాటక రచయిత టెనెసీ విలియమ్స్ అక్కడ వెయిటర్‌గా చేశాడు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చి బెర్లిన్‌లో ఒక క్యాబరే, ఆ తర్వాత ఉత్తర సముద్రంలో సిల్ట్ దీవి మీద ఇంకొకటి. నలభై, యాభై, అరవై ఏళ్ళ వయసులో క్యారెక్టర్ ఆర్టిస్ట్ పండాల్సిన కాలమంతా ఇలా పోయింది.

మళ్ళీ పెద్ద తెర మీదికి పిలిచింది జర్మన్లు కాదు, ఇటాలియన్ దర్శకుడు ఫెల్లినీ. 1965లో ‘జూలియట్ ఆఫ్ ది స్పిరిట్స్’లో ఆడో మగో తెలియని జ్ఞాని పాత్ర. ఆ పాత్ర పేరు భీష్మ. పేరు వినగానే ఒళ్ళు ఝల్లుమంది నాకు. 1970లో జర్మన్ ఫిల్మ్ అవార్డుల్లో జీవితకాల సేవకి బహుమతి ఇచ్చారు, 1976లో జర్మన్ దర్శకుడు ష్లోండోర్ఫ్ ‘కూ ద గ్రాస్’లో వేషం ఇచ్చాడు.

నేపథ్యం:
దర్శకుడు హెర్జోగ్ సంగతి మర్చిపోయారు. ‘నోస్ఫెరాటు’ అనే పాత రక్తపిశాచి సినిమాని మళ్ళీ తీస్తూ రెన్‌ఫీల్డ్ పాత్రకి ఆవిడని అడిగాడు. మగ పాత్ర, పిచ్చెక్కి నవ్వే మనిషి. 86 ఏళ్ళ వయసులో కాంట్రాక్టు మీద సంతకం పెట్టింది. అదే నెలలో, 1978 మార్చిలో, సిల్ట్ మీద తన ఇంట్లో చనిపోయింది. తర్వాత ఆ పాత్ర రోలాండ్ టోపోర్ చేశాడు.

మువ్వలసవ్వడి:
టోపోర్ ఆ నవ్వు నవ్వే సీను ఎన్నిసార్లు చూశానో. ఇకమీదట అక్కడ ఆవిడ మొహం పెట్టుకోకుండా చూడలేను.