నాన్న రాలీ సైకిలుకి బిళ్ల ఊడిపోయింది, అసలిది రాలీయేనా?

ఉలవపాడు సపోటా:

కందుకూరు దగ్గర మా ఊళ్లో పాత ఇల్లు పడగొడుతున్నాం. పొగాకు కాల్చే బ్యారన్ వెనక కొట్టంలో, విరిగిన మంచం కింద నాన్న సైకిలు బయటపడింది. నాన్న పోయి ఆరేళ్లయింది, సైకిలైతే అంతకంటే చాలా ముందే మూలపడింది. ఆయన దాన్ని ఏనాడూ సైకిలు అనలేదు, "రాలీ తుడువు", "రాలీ నీడలో పెట్టు" అనేవాడు, మేం చిన్నప్పుడు రాలీ అంటే సైకిలుకి ఇంకో పేరనుకున్నాం.

ఇప్పుడు చిక్కేంటంటే హ్యాండిల్ కింద గొట్టం మీద ఉండాల్సిన కంపెనీ బిళ్ల లేదు, రెండు చిల్లులు మాత్రం ఉన్నాయి. రంగు పూర్తిగా పోయి అంతా తుప్పు. మా బాబాయేమో "అది రాలీ కాదురా, హంబరు, మీ నాన్న గొప్పకి అట్టా చెప్పుకునేవాడు" అంటున్నాడు. పాత ఇనుము కొనే ఆయన వచ్చి "ఏదైతే ఏంది, కిలో లెక్కే గదా" అన్నాడు (ఆయన్ని వెంటనే పంపించేశా). రాడ్ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, సీటు కింద స్ప్రింగులు మాత్రం ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. పొగాకుకి మంచి రేటు వచ్చిన ఏడు ఒంగోల్లో కొన్నాడని అమ్మ చెబుతుంది. ఏ సంవత్సరమో గుర్తులేదు, కానీ అక్క పుట్టకముందే అంటుంది, అంటే 1974కి ముందు.

బిళ్ల లేకుండా కంపెనీ ఎట్టా కనుక్కోవాలి? అసలీ కంపెనీలన్నీ ఏమైపోయాయి? తెలిసిన పెద్దవాళ్లు చెప్పండి.

మూలాపేట చైన్‌కవర్:

తమ్ముడూ, ముందు ఆ ఇనుపాయన్ని మళ్లీ గేటు లోపలికి రానీకు.

నేను నెల్లూర్లో మా మేనమామ సైకిల్ షాపులో పదేళ్ల వయసు నుంచి పంచర్లు వేసినవాణ్ణి. బిళ్ల పోయినా పెడళ్ల దగ్గరున్న పెద్ద పళ్ల చక్రం అబద్ధం చెప్పదు. కిరసనాయిల్లో గుడ్డ ముంచి దాన్ని తుడువు. గరుకు కాగితం పెట్టావంటే నికెల్ మొత్తం లేచిపోతుంది, జాగ్రత్త. రాలీ అయితే చక్రం లోపల కొంగ తలలు కోసి ఉంటాయి, మెడ వంచిన కొంగ, రాలీ గుర్తే అది. హంబరు అయితే చుట్టూతా పరిగెత్తే మనుషుల బొమ్మలు కనబడతాయి. బీఎస్ఏ అయితే ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలే చక్రంలో ఉంటాయి, చదువు రానివాడు కూడా గుర్తుపట్టేవాడు.

ఇంకోటి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు చూడు. హంబరు ఫోర్కుకి పక్కకి రెండేసి చొప్పున సన్నటి గొట్టాలు కిందిదాకా దిగుతాయి, మిగతా కంపెనీలన్నిటికీ పక్కకి ఒకటే. మీ బాబాయి మాట నిజమో కాదో అక్కడే తేలిపోతుంది.

చక్రాల పుల్లలు కూడా లెక్కపెట్టు. పాత ఇంగ్లీషు లెక్క ప్రకారం ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40. బరువంతా వెనక పడుతుంది కాబట్టి అట్టా పెట్టారు. లెక్క తేడాగా ఉంటే ఆ చక్రం తర్వాతెప్పుడో మార్చినట్టు. మా షాపులో రోజుకి రెండు మూడు సైకిళ్లకైనా ఏదో ఒక పార్టు మార్చేవాళ్లం, కొన్నేళ్లకి ఒక హెర్క్యులిస్ మీద మూడు కంపెనీల సామాను ఉండేది, అయినా దాని ఓనరు అది హెర్క్యులిస్ అని కొట్లాడేవాడు.

కావలి పాసింజర్:

చైన్‌కవర్ అన్న చెప్పిన గుర్తులు కరెక్ట్. కంపెనీల సంగతి నేను చెబుతా, నాకు ఇది కాస్త పిచ్చి.

నువ్వు చెప్పిన కాలానికి ఆ సైకిలు ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారై ఉండదు. అప్పటికి మన దగ్గర దొరికే రాలీలు పశ్చిమ బెంగాల్లోని అసన్సోల్‌వి. సేన్-రాలీ అనే కంపెనీ 1952లో అక్కడ మొదలుపెట్టింది. తమాషా ఏంటంటే హంబరు, రడ్జ్, రాబిన్‌హుడ్ కూడా వాళ్లే చేసేవాళ్లు. ఇంగ్లండులో రాలీ వాళ్లు 1932లోనే హంబరు సైకిళ్ల పేరు కొనేసుకున్నారు. కాబట్టి మీ నాన్న, మీ బాబాయి ఒకే ఇంటి అన్నదమ్ముల గురించి పోట్లాడుకుంటున్నారు, అది రాలీ అయినా హంబరు అయినా పుట్టింది ఒకే ఫ్యాక్టరీలో. తర్వాత ఆ కంపెనీ నష్టాల్లో పడింది, 1980లో కేంద్ర ప్రభుత్వం జాతీయం చేసి సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అని పేరు పెట్టింది, చివరికి అదీ మూతపడింది.

మన వైపు మాత్రం రాలీ కంటే హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ ఎక్కువగా తిరిగేవి. నాకు తోచిన కారణం మద్రాసు. అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో పెట్టారు, మురుగప్ప వాళ్లు, ఇంగ్లండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వాళ్లు కలిసి. అక్కడ్నించి నెల్లూరు 170 కిలోమీటర్లు, లారీ పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి సరుకు దిగేది. మళ్లీ ఇంకో తమాషా, 1960లో ఇంగ్లండులో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్, రాలీ కలిసిపోయాయి. అక్కడ పోటీదారులు ఒకటయ్యారు, ఇక్కడ అసన్సోల్ అసన్సోలే, అంబత్తూరు అంబత్తూరే. మన షాపులవాళ్లు పాపం రెండు వైపులా పోస్టర్లు కట్టుకుని కూర్చున్నారు.

అట్లాస్ సంగతి అందరికీ తెలుసు. సోనిపట్‌లో 1951లో మొదలైంది, భూగోళం మోస్తున్న మనిషి గుర్తు. సాహిబాబాద్‌లో వాళ్ల చివరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం! ఆ వార్త చదివి మా నాన్న టీవీ ఆపేసి బయటికెళ్లి కూర్చున్నాడు.

బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, తుపాకుల కంపెనీ. బిళ్ల మీద మూడు తుపాకులు నిలబెట్టి ఉండేవి. మా తాత వాటిని వరి పనలు అనుకున్నాడు, చాన్నాళ్లు "వరిపనల సైకిలు" అనే పిలిచాడు. అన్నట్టు అలగానిపాడు పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకి సైకిలు మీదే వెళ్లేవారు కదా, అది ఏ కంపెనీదని మా తాత ఒక మీటింగులో అడిగి అందరి చేతా తిట్లు తిన్నాడట.

డబుల్స్ లేవు:

అందరూ ఇట్టా కన్నీళ్లు పెట్టుకుంటున్నారు గానీ, ఆ సైకిళ్లు ఎవరైనా రోజూ తొక్కారా? నేను సింగరాయకొండ నుంచి కందుకూరు కాలేజీకి మూడేళ్లు తొక్కా, ఎదురుగాలి ఉన్న రోజు ఆ బండి నన్ను తొక్కేది. ఇరవై కిలోల దాకా ఇనుము. వాన పడితే రాడ్ బ్రేకు దేవుడి మీద భారం. ఆ రబ్బరు రిమ్ము లోపలి వైపు పట్టుకుంటుంది, తడిస్తే జారుతూనే ఉంటుంది, నేను బ్రేకు నొక్కి మనసులో ఒకటి రెండు మూడు లెక్కపెట్టేవాణ్ణి, అప్పటికి ఆగితే ఆగేది, లేకపోతే చెప్పులే బ్రేకు. పెడల్ కడ్డీని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను వదులైతే ప్రతి తొక్కుకీ టక్, టక్. ఊరి చివర షాపులో కొత్త పిన్ను అని డబ్బులు తీసుకుని పాతదే సుత్తితో కొట్టి పంపించారు, ఇంకో వారానికి మళ్లీ టక్ టక్. లైటు లేకుండా పట్టుబడితే పోలీసాయన రెండు చక్రాల్లో గాలి తీసి నడిపించేవాడు.

గట్టితనం ఒప్పుకుంటా. రామాయపట్నం నుంచి చేపల గంపలు, ఉలవపాడు నుంచి మామిడికాయలు, అంత బరువు పెట్టుకుని ఆ సైకిళ్లే ఊళ్లు తిరిగాయి. ఇప్పటి గేరు సైకిలు క్యారేజీ మీద వడ్ల బస్తా పెట్టి చూడండి. అయినా మళ్లీ తొక్కమంటే మాత్రం నావల్ల కాదు.

గూడూరు గాలిపంపు:

అన్నా, మా టైములో కల అంటే బీఎస్ఏ ఎస్ఎల్ఆర్, ఆ తర్వాత హీరో రేంజర్. రాలీ పేరు తాతయ్య నోట్లోనే విన్నా. గంటకి రూపాయి అద్దె సైకిలు మీద నేర్చుకున్నాం, కాలు కడ్డీ కింద నుంచి దూర్చి. మోకాలి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. ఫోటో పెట్టండన్నా, మచ్చది కాదు, సైకిలుది.

ఉలవపాడు సపోటా:

అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రమంతా కిరసనాయిలు, గుడ్డ పట్టుకుని కూర్చున్నా. పళ్ల చక్రంలో కొంగలు! మూడు కొంగలు, ముక్కులతో సహా. బాబాయికి ఫోన్లో చెబితే "ఫోర్కు చూశావా" అన్నాడు. చూశా, పక్కకి ఒకటే గొట్టం, హంబరు కాదు. అంతవరకు బాగానే ఉంది, కానీ ఆ ఫోర్కు మిగతా సైకిలంత తుప్పు పట్టలేదు. ముందు చక్రానికి పుల్లలు లెక్కపెడితే 36 ఉన్నాయి, వెనక 40. చైన్‌కవర్ అన్న చెప్పినట్టు ముందు భాగం ఎప్పుడో మార్చారన్నమాట.

అమ్మని అడిగితే నవ్వింది. "నువ్వే గదరా మార్పించింది, నాలుగో తరగతిలో మీ నాన్న నిద్రపోతుంటే తీసుకెళ్లి రాళ్లపాడు కాలవలో పడేశావు, ఫోర్కు వంగి, చక్రం ఎనిమిదంకె అయింది" అంది. నాకు కాలవలో పడ్డం గుర్తుంది, కొట్టినట్టు మాత్రం గుర్తులేదు. కొట్టలేదంట. బిళ్ల కూడా ఆ దెబ్బకే ఊడి నీళ్లలో పోయిందంట, నాన్న రెండు రోజులు కాలవలో దిగి వెతికి, దొరక్క ఊరుకున్నాడంట. ఇన్నేళ్లూ నాకు ఎవ్వరూ చెప్పలేదు.

రాడ్ బ్రేకు రబ్బర్లు, 28 అంగుళాల టైర్లు నెల్లూర్లో దొరుకుతాయా అన్నా? ఆదివారం వద్దామనుకుంటున్నా.

మూలాపేట చైన్‌కవర్:

టైర్లు దొరుకుతాయి, ఆ సైజు పాత తరహా సైకిళ్లు, రోడ్‌స్టర్లు, ఇప్పటికీ అమ్ముతున్నారు. రబ్బర్లు నా దగ్గర ఒక డబ్బాలో ఉండాలి, వెతుకుతా. చక్రాలు రెండూ ఊడదీసి బస్సులో వేసుకుని రా, కండక్టరు లగేజీ అడిగితే ఇచ్చెయ్, రాలీ అని చెప్పి బేరాలాడకు.