అక్వేరియం కంట్రోలర్‌ను పిల్లలతో ఇంట్లోనే తయారు చేయించవచ్చా?

పటమట_అమ్మ:
మాది విజయవాడ పటమట. హాల్లో మూడడుగుల ట్యాంకు ఉంది. గప్పీలు, మోలీలు, ఒక జత గోల్డ్‌ఫిష్. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, వాళ్ల నాన్న, తాతయ్య కలిసి ఈ సెలవుల్లో ఆర్డుయినోతో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) కంట్రోలర్ తయారు చేస్తామంటున్నారు. నీటి టెంపరేచర్ చూడాలి, లైటు టైముకి వెలిగి ఆరాలి, ఎండాకాలం ఫ్యాను తిరగాలి, చలికాలం హీటర్ ఆన్ అవ్వాలి, ఇదీ వాళ్ల ప్లాను. మా తమ్ముడేమో "నీళ్లు, కరెంటు, చిన్నపిల్ల, మూడూ ఒకచోట వద్దక్కా, రెడీమేడ్‌ది కొనేయండి" అని పట్టుబడుతున్నాడు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గుంటూరు_వైరింగ్:
మీ తమ్ముడి మాటే నాదీనండి. ఇళ్లకు వైరింగ్ చేసేవాణ్ణి, బ్రాడీపేట మాది. ఆర్డుయినో చెప్పినట్టు హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు రిలే. మార్కెట్లో దొరికే రిలే బోర్డును ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. స్క్రూ టెర్మినళ్ల కాళ్లు సోల్డర్ ముద్దలుగా బయటికే కనిపిస్తాయి. హీటర్ కలిపితే ఆ ముద్దల్లోనే 230 వోల్టులు ఉంటాయి. దానికి అతి దగ్గర్లో 5 వోల్టుల పిన్నులు, వాటి మీద పాప వేళ్లు. ట్యాంకు పక్కన గాల్లో ఎప్పుడూ తేమే.

ఇంకోటి. రిలే కాంటాక్టులు ఒక్కోసారి అతుక్కుపోతాయి. అప్పుడు ప్రోగ్రాం "ఆపు" అన్నా హీటర్ ఆగదు. తెల్లారేసరికి చేపలన్నీ పోతాయి. పాప మనసు ఎంత కష్టపడుతుందో ఆలోచించండి. సైన్సు నేర్పాలంటే ఎల్‌ఈడీ బల్బులతో నేర్పొచ్చు, ప్రాణమున్న వాటితో ఎందుకు?

కృష్ణలంక_అక్వా:
వైరింగ్ గారూ, మీరు చెప్పిన ప్రమాదాలన్నీ నిజమే. కానీ అవన్నీ హీటర్ దగ్గరే ఉన్నాయి. అసలు బెజవాడలో గప్పీలకు, మోలీలకు హీటర్ ఎందుకండీ? జనవరిలో కూడా ఇంట్లో నీళ్లు వాటికి ఇబ్బంది అయ్యేంత చల్లబడవు. గోల్డ్‌ఫిష్‌కైతే చల్లటి నీళ్లే ఇష్టం. వెచ్చటి నీళ్లు కావాల్సిన డిస్కస్ చేపలు పెంచేవాళ్లకు హీటర్ కావాలి, వీళ్లకు అక్కర్లేదు. బయటి దేశాల వీడియోలన్నీ హీటర్‌తో మొదలవుతాయి, ఎందుకంటే అక్కడ చలి. వాటిని చూసి మనమూ మొదటి తీగ హీటర్‌కే లాగుతున్నాం.

మన బాధ దానికి తిరగబడి ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ట్యాంకు నీళ్లు 32 దాటుతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు ఎక్కువలో ఎక్కువ 8.2 మిల్లీగ్రాములు పడితే, 32 దగ్గర 7.3 మాత్రమే. అదే సమయంలో వేడికి చేపల ఒంట్లో ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది. కాబట్టి మనకు కావాల్సింది నీటి మీదుగా గాలి కొట్టే చిన్న ఫ్యాను. అది కంప్యూటర్లో ఉండే 12 వోల్టుల ఫ్యానే. లైటుకు 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ వేస్తే సరి. పాప చెయ్యి పెట్టే పెట్టెలోకి 230 వోల్టులు రానక్కర్లేదు.

ఇక నేర్చుకునేది ఎంత ఉందో చూడండి. ఆర్డుయినో ఊనో పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోకూడదు. అలాంటి ఫ్యాను 150 దాకా లాగుతుంది. అందుకని మధ్యలో స్విచ్చులా పనిచేసే ఒక మోస్‌ఫెట్, ఫ్యాను ఆగినప్పుడు వచ్చే వోల్టేజి దెబ్బ దానికి తగలకుండా ఫ్యానుకు అడ్డంగా ఒక డయోడ్. 30 డిగ్రీలకు ఫ్యాను ఆన్, 30కే ఆఫ్ అని రాస్తే అది క్షణానికోసారి ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. 30కి ఆన్, 29కి ఆఫ్ అని ఎందుకు రాయాలో పాప కళ్లారా చూసి తెలుసుకుంటుంది.

నాకు బాగా నచ్చే పాఠం సెన్సర్‌ది. అందరూ వాడే డీఎస్18బీ20 సెన్సర్ వైరు ఊడిపోతే, ఆర్డుయినో లైబ్రరీ (సెన్సర్‌ను చదివే రెడీమేడ్ కోడ్) టెంపరేచర్‌ను మైనస్ 127 అని చెబుతుంది. ఏమీ ఆలోచించని ప్రోగ్రాం "అయ్యో, నీళ్లు గడ్డ కట్టాయి" అనుకుని హీటర్ వేసేస్తుంది. కరెంటు వచ్చిన వెంటనే, కొలత తీసుకోకముందే చదివితే 85 అంటుంది. ఈ రెండు అంకెలు వస్తే నమ్మకూడదు, బజర్ మోగించాలి అని పాప చేత రాయించండి. యంత్రం చెప్పింది నిజమో కాదో ముందు అడగాలన్న సంగతి ఏ ట్యూషన్లోనూ ఇంత బాగా అర్థం కాదు. రెడీమేడ్ పెట్టె కొంటే అది ఎక్కడ వస్తుంది?

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఫిల్టర్‌ను కంట్రోలర్‌కు కలపకండి. అది ఎప్పుడూ నేరుగా ప్లగ్గులోనే ఉండాలి.

కైకలూరు_చెరువులు:
మాకు చేపల చెరువులు ఉన్నాయి. అక్వా గారి లెక్క సరైనదే కానీ, ఆయన మధ్యాహ్నం ఎండ గురించే చెప్పారు. చెరువులో డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయేది తెల్లవారుజామున. పగలు నాచు, మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రంతా అవీ చేపలతో పాటు పీల్చుకుంటాయి. అందుకే మేం నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు రాత్రి తిప్పుతాం. మీ ట్యాంకులో మొక్కలు గుబురుగా ఉంటే ఇక్కడా అదే కథ. టెంపరేచర్ చూసి ఫ్యాను తిప్పే పెట్టెకు ఇది తెలియదు. ఎయిర్ పంపు రాత్రిపూట ఆగకూడదు, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడవాలి.

చేపలకు విషమైన అమ్మోనియాను కూడా ఆ పెట్టె కొలవదు. దానికి చుక్కల టెస్ట్ కిట్టే వాడాలి. తెరమీద 28 అని చల్లగా కనిపిస్తోంది కదా అని ఊరుకుంటే లాభం లేదు. పొద్దున్నే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయా, మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయి, ఇవి పాపకు ముందు నేర్పండి. ఆర్డుయినో తర్వాత.

గుంటూరు_వైరింగ్:
హీటర్ తీసేస్తే నా అభ్యంతరం సగం తగ్గింది, ఒప్పుకుంటాను. కానీ 12 వోల్టుల అడాప్టర్ కూడా గోడ సాకెట్లోంచే వస్తుంది కదా. దాన్ని ట్యాంకు మూత మీద పెట్టేవాళ్లను చూస్తుంటాను. నీటి మట్టం కంటే పైన, పక్కకు, గోడకు బిగించాలి. ప్రతి వైరూ సాకెట్ దగ్గరికి వచ్చే ముందు కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి, అప్పుడు జారిన నీటి చుక్క నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చు) ఉందో లేదో ముందు మీ ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఇల్లు పాతదైతే ఉండకపోవచ్చు.

ఫ్యాను మీద మరీ ఆశ పెట్టుకోకండి. అది నీళ్లను ఆవిరి చేసి చల్లబరుస్తుంది. వానాకాలం ఉక్కపోతలో దాని పని బాగా తగ్గిపోతుంది. ఆవిరైన మేరకు నీళ్లు పోస్తూనే ఉండాలి. అవీ బోరు నీళ్లయితే ఉప్పులు పేరుకుంటూ పోతాయి.

పటమట_అమ్మ:
అందరికీ థాంక్సండి. హీటర్ తీసేశాం, మా తమ్ముడూ సరేనన్నాడు. ఆర్‌సీసీబీ గురించి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. తాతయ్యది ఉయ్యూరు దగ్గర పల్లె, పొద్దున చేపల్ని చూసి పుస్తకంలో రాసే పని ఆయనా మనవరాలూ తీసుకున్నారు. ఇప్పుడు కొత్త గొడవ. చెప్పినంత మేరకే తిరిగే చిన్న సర్వో మోటారుతో ఫీడర్ (మేత వేసే పరికరం) కూడా పెడతానంటోంది మా అమ్మాయి. ఊరెళ్లినప్పుడు పనికొస్తుందట.

కృష్ణలంక_అక్వా:
పెట్టనివ్వండి. రోజుకు ఒకేసారి, అదీ ఒక్క చిటికెడు పడేలా. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ తిండి పడకుండా, చివరిసారి వేసిన టైమును ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) దాయించండి. గంట తప్పకుండా బ్యాటరీ ఉన్న డీఎస్3231 క్లాక్ పెట్టండి.

కైకలూరు_చెరువులు:
నేను ఒప్పుకోను. మేత ఎక్కువైతే అదే కుళ్లి అమ్మోనియా అవుతుంది, వేసవిలో ఇంకా త్వరగా. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు రెండు మూడు రోజులు తిండి లేకపోయినా ఏమీ కావు. మన వాతావరణానికి మేత డబ్బాలో తేమ చేరి ముద్ద కడుతుంది, ఒకరోజు పడదు, మర్నాడు మొత్తం ఒకేసారి పడుతుంది. ముందు ఖాళీ గిన్నెలో వారం రోజులు పడనిచ్చి, రోజూ ఎంత పడిందో పాప చేత తూకం వేయించండి. ఆ కాగితం ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.