పాత ఇంటికి గాలి నుంచి వేడి తీసే హీట్ పంప్: 16 కిలోవాట్లా, 9 కిలోవాట్లా?

పాత_ఇల్లు:

నమస్కారం. ఇంటిని వెచ్చబరిచే మా గ్యాస్ బాయిలర్‌కు 20 ఏళ్ళు దాటాయి. వచ్చే చలికాలంలోపు దాన్ని మార్చక తప్పేలా లేదు. మళ్ళీ బాయిలరే పెట్టించుకోవాలా, లేక బయటి గాలి నుంచి వేడిని లాగే హీట్ పంప్‌కు మారాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఇల్లు రెండంతస్తులది. కిటికీలకు రెండు పొరల అద్దాలున్నాయి, అటక మీద ఇన్సులేషన్ పరిపించాం గాని గోడలకు ఏమీ లేదు. చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీల దాకా పడిపోతుంది. ఎండాకాలంలో నాలుగైదు వారాలపాటు మేడ మీది గదుల్లో నిద్ర పట్టదు.

బిగించేవారు ఇద్దరు వచ్చి చూసి వెళ్ళారు. మొదటాయన గదులన్నీ ఒకసారి చుట్టి, పది నిమిషాల్లో 16 కిలోవాట్ల యంత్రం కావాలని తేల్చేశారు. రెండో ఆయన టేపు పట్టుకుని ప్రతి కిటికీనీ, వేడి నీటితో గదిని వెచ్చబరిచే ప్రతి రేడియేటర్‌నూ కొలిచి, రెండు గంటల తరువాత 9 కిలోవాట్లు చాలునన్నారు. ఒకే ఇంటికి ఇంత తేడా ఎలా వస్తుంది? గడ్డకట్టే చలిలో గాలికి వేడి ఎక్కడిదని పక్కింటివారు నవ్వుతున్నారు. ఆ మాటకు నా దగ్గరా సరైన జవాబు లేదు. ఇదే యంత్రంతో వేసవిలో ఇంటిని చల్లబరచుకోవచ్చు అంటున్నది ఎంతవరకు నిజమో కూడా తెలిసినవారు చెప్పగలరు.

కంప్రెసర్_పనివాడు:

ముందు పక్కింటివారి సంగతి చూద్దాం. గాలిలో వేడి బొత్తిగా లేకుండా పోయేది మైనస్ 273 డిగ్రీల దగ్గర. మైనస్ 8 అంటే అక్కడికి ఇంకా 265 డిగ్రీలు పైన ఉన్నట్టు. మన ఒంటికి చలిగా తగిలే గాలే, తనకంటే చల్లగా ఉన్న, యంత్రం బయటి గొట్టాల చుట్ట అయిన కాయిల్‌కు వెచ్చగా ఉంటుంది. ఈ యంత్రాల్లో వేడిని మోయడానికి వాడే ప్రొపేన్ మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 42 డిగ్రీలకే మరుగుతుంది, అలాంటిదే మరొకటైన ఆర్‌32 మైనస్ 52 దగ్గర మరుగుతుంది. అందువల్ల గడ్డకట్టే గాలి తగిలినా కాయిల్ లోపలి ద్రవం మరిగి ఆవిరవుతుంది, ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కినప్పుడు బాగా వేడెక్కుతుంది, ఆ వేడిని రేడియేటర్లలో తిరిగే నీటికి ఇచ్చేసి మళ్ళీ ద్రవంగా మారుతుంది. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది ఇదే. తరువాత లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన విలియం థామ్సన్ ఇలా భవనాలను వేడి చేయవచ్చునని 1852లోనే ప్రతిపాదించాడు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ వంటి చలిదేశాల్లో ఇవి ఇంటింటి వస్తువులు అయ్యాయని మీ పక్కింటివారికి చెప్పండి.

అయితే చలిలో పని చేయడం వేరు, చలిలో చవకగా పని చేయడం వేరు. నూతిలో నీరు ఎంత లోతున ఉంటే తోడడానికి అంత బలం కావాలి. ఇక్కడ లోతంటే బయటి గాలికీ రేడియేటర్లకు పంపే నీటికీ మధ్య ఉన్న తేడా. బయట 7 డిగ్రీలుండి, నీటిని 35 దాకా వేడి చేస్తే చాలనుకుంటే, మంచి యంత్రం ఒక యూనిట్ కరెంటుకు నాలుగు యూనిట్లకు పైగా వేడి ఇస్తుంది. బయట మైనస్ 8 ఉండి, నీరు 55 కావాలంటే అదే యంత్రం రెండు యూనిట్ల దగ్గర ఆగిపోవచ్చు. బయటి వాతావరణం మన చేతిలో లేదు గాని, నీటి ఉష్ణోగ్రత మన చేతిలోనే ఉంది. ఒక్కో డిగ్రీ తగ్గించుకుంటే కరెంటులో సుమారు 2 శాతం మిగులుతుంది. అందుకే ఏ కంపెనీ యంత్రం అన్నదానికంటే, మీ ఇల్లు ఎంత తక్కువ వేడి నీటితో వెచ్చబడగలదు అన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న.

ఇక సైజు. పది నిమిషాల్లో 16 అన్నవారు బహుశా పాత బాయిలర్‌ను చూసి చెప్పి ఉంటారు. బాయిలర్ పెద్దదైతే పెద్ద నష్టం లేదు. హీట్ పంప్ పెద్దదైతే ఉంది. వేగాన్ని అవసరాన్నిబట్టి మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్ కూడా ఒక హద్దు దాటి నెమ్మదించలేదు. ఇంటికి మూడు కిలోవాట్లు చాలిన రోజున 16 కిలోవాట్ల యంత్రం అంతకు దిగలేక, ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. కరెంటూ వృథా, కంప్రెసర్ ఆయుష్షూ తరుగు. అలాగని 9 అన్న మాటనూ గుడ్డిగా నమ్మవద్దు. లేబుల్ మీది అంకె చాలాసార్లు బయట 7 డిగ్రీలు, నీరు 35 డిగ్రీలు ఉన్నప్పటిది. మైనస్ 8లో, మీరు వాడబోయే నీటి ఉష్ణోగ్రత దగ్గర ఎన్ని కిలోవాట్లు వస్తాయో తయారీదారు పట్టికలో చూపించమనండి.

చలి ఇంకా పోలేదు కాబట్టి ఒక పరీక్ష చేయండి. బాయిలర్ నీటిని 50 డిగ్రీలకు తగ్గించి, రాత్రీపగలూ ఆపకుండా మూడు రోజులు నడిపి, ఏ గది వెచ్చబడటం లేదో రాసిపెట్టుకోండి. బాగా చలి ఉన్న ఒక రోజు మీటర్‌లో ఎన్ని గ్యాస్ యూనిట్లు (కిలోవాట్-గంటలు) తిరిగాయో కూడా చెప్పండి.

రెండు_చలికాలాలు:

మా ఇంట్లో ఇది పెట్టి రెండు చలికాలాలు గడిచాయి. మొదటి చలికాలంలో బిల్లు చూసి ఎందుకు పెట్టామా అనుకున్నాం. బిగించినవారు నీటిని 55 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంచి వెళ్ళిపోయారు. బయటి చలినిబట్టి నీటి వేడిని తనంతట తానే సర్దుకునే ఏర్పాటు యంత్రంలో ఉండి కూడా ఎవరూ దాన్ని ఆన్ చేయలేదు. రెండో ఏడు మాన్యువల్ చదివి ఎంత చలికి ఎంత వేడి నీరో చూపే ఆ ఏర్పాటులోని గీతను నేనే కొంచెం కొంచెంగా కిందికి దించుకుంటూ పోయాను. ఇప్పుడు మామూలు రోజుల్లో నీరు 36 దగ్గర, గట్టి చలిలో 44 దగ్గర ఉంటుంది. రేడియేటర్‌ను తాకితే వేడిగా అనిపించదు, పని చేయడం లేదేమోనని చుట్టాలు అడుగుతారు. గది మాత్రం 20 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంటుంది. రాత్రి ఆపేసి తెల్లవారి మళ్ళీ వెలిగించే బాయిలర్ అలవాటును మానుకోవాలి, ఎందుకంటే చల్లారిన ఇంటిని గబగబా వేడెక్కించాలంటే నీటి ఉష్ణోగ్రత పెంచక తప్పదు.

డీఫ్రాస్ట్, అంటే బయటి కాయిల్ మీద పేరిన మంచును యంత్రం కరిగించుకోవడం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. పొడి చలిలో కంటే, సున్నా చుట్టుపక్కల మంచు కురిసే తడి ఉదయాల్లో బయటి కాయిల్ ఎక్కువగా తెల్లబడుతుంది. అప్పుడు ఫ్యాన్ ఆగిపోతుంది, వేడి ప్రవాహాన్ని వెనక్కి తిప్పే రివర్సింగ్ వాల్వ్ మారేటప్పుడు బుస్సుమని శబ్దం వస్తుంది, కాసేపటికి యూనిట్ నుంచి తెల్లటి ఆవిరి లేచి, కింద బొటబొటా నీళ్ళు కారతాయి. మొదటిసారి చూసినప్పుడు కాలిపోతోందేమోనని పరుగెత్తాను. అయిదారు నిమిషాల్లో మళ్ళీ మామూలే. అయితే ఆ నీళ్ళు మా నడవ మీదికి పారి గాజుపలకలా గడ్డకట్టాయి, మా అమ్మ జారి పడబోయింది. యూనిట్‌ను నేలకు జానెడు ఎత్తున నిలబెట్టి, కింద కంకర గుంత తీయించండి. నడిచే దారి పక్కన మాత్రం పెట్టనివ్వకండి.

లెక్కల_మనిషి:

డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. మీ కరెంటు యూనిట్ ధరను గ్యాస్ యూనిట్ ధరతో భాగించి, వచ్చిన అంకెను మీ బాయిలర్ సామర్థ్యంతో గుణించండి. కరెంటు గ్యాస్‌కు మూడింతలు ఉండి, కొత్త బాయిలర్ 90 శాతం సామర్థ్యంతో నడుస్తుందనుకుంటే 2.7 వస్తుంది. చలికాలం మొత్తం సగటున ఒక యూనిట్‌కు 2.7 యూనిట్ల కంటే ఎక్కువ వేడి ఇచ్చే ఏర్పాటు అయితేనే బిల్లు తగ్గుతుంది. 55 డిగ్రీల నీటితో నడిపే ఇంట్లో అది కష్టం, 40కి దించగలిగిన ఇంట్లో తేలిక. నేను హీట్ పంప్‌కు వ్యతిరేకిని కాను. సగం బిల్లు అని అందరికీ ఒకే మాట చెప్పి అమ్మేవారంటేనే నాకు గిట్టదు.

పాత_ఇల్లు:

అందరికీ కృతజ్ఞతలు. పరీక్ష పూర్తయింది. మూడు రోజులూ బయట మైనస్ 3 నుంచి 2 డిగ్రీల మధ్య ఉంది. 50 డిగ్రీల నీటితో గదులన్నీ 20 దాటాయి, ఉత్తరం వైపు పడకగది ఒక్కటే 17 దగ్గర ఆగిపోయింది. అందులో ఉన్నది ఒంటిపలక రేడియేటర్. గత నెలలో సగటున మైనస్ 5 ఉన్న రోజున, వంటకూ స్నానాలకూ అయినది తీసేశాక, 190 యూనిట్ల గ్యాస్ తిరిగింది.

కంప్రెసర్_పనివాడు:

ఇంతకంటే మంచి లెక్క టేపుతో కొలిచినా దొరకదు. పాత బాయిలర్ సామర్థ్యాన్ని 85 శాతం అనుకుంటే, ఆ 190లో ఇంటికి చేరినది దాదాపు 161 యూనిట్లు. 24 గంటలకు పంచితే 6.7 కిలోవాట్లు. లోపల 20, బయట మైనస్ 5 అంటే తేడా 25 డిగ్రీలు. మైనస్ 8 రోజున తేడా 28 అవుతుంది కాబట్టి సుమారు 7.5 కిలోవాట్లు కావాలి. మైనస్ 8లో 45 డిగ్రీల నీటితో 8 కిలోవాట్ల దాకా ఇవ్వగలదని పట్టికలో ఉంటే ఆ 9 కిలోవాట్ల యంత్రం మీకు సరిపోతుంది. 16 అన్నవారికి నమస్కారం పెట్టి పంపించేయండి.

ఉత్తరపు గదిలో ఒంటిపలక తీసి అదే వెడల్పులో రెండు మూడు పలకలది పెట్టించండి. రేడియేటర్ 75 డిగ్రీల నీటితో ఇచ్చే వేడిలో, 45 డిగ్రీల చుట్టూ ఉన్న నీటితో దాదాపు 40 శాతమే ఇస్తుంది కాబట్టి వైశాల్యం పెరగాలి. నా మట్టుకు నేను ఇంకో రెండు గదుల్లోనూ అలాగే మార్పించి నీటిని ఇంకా కిందికి దించుకుంటాను. ఆ ఖర్చు ఒకసారిది, కరెంటు బిల్లు ప్రతి నెలది.

చల్లదనం విషయానికి వస్తే, వాల్వ్ తిరగబడగానే యంత్రం చల్లటి నీటిని పంపగలదు, అందులో అబద్ధం లేదు. కానీ ఆ నీటిని రేడియేటర్లలోకి పంపితే గోడలు తడుస్తాయి. 28 డిగ్రీలుండి, గాలిలో తేమ 60 శాతం ఉన్న గదిలో 19 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదనైనా నీటి చుక్కలు చేరడం మొదలవుతుంది. అంతకంటే చల్లబడకుండా జాగ్రత్తపడితే రేడియేటర్ నుంచి వచ్చే చల్లదనం లెక్కలోకి రాదు, తేమ అసలే పోదు. మేడ మీద రెండు పడకగదులకు మాత్రం ఫ్యాన్ కాయిల్ (నీటి గొట్టాల మీదుగా గాలిని ఊదే పెట్టె) పెట్టించుకుంటే అది గాలిని చల్లబరచి, తేమను తన ట్రేలో పట్టి బయటికి పంపుతుంది, చలికాలంలో రేడియేటర్ పనీ చేస్తుంది. దానికి డ్రెయిన్ పైపు కావాలి. దానికి వెళ్ళే నీటి పైపులన్నిటికీ కీళ్ళ దగ్గర కూడా ఖాళీ లేకుండా ఇన్సులేషన్ తొడగాలి. వేడి నీటికి తొడిగినట్టు పైపైన తొడిగితే మొదటి వేసవిలోనే సీలింగ్ మీద మరకలు కనిపిస్తాయి. గోడలు మూసేశాక ఆ పని చేయించడం రెండింతల ఖర్చు కాబట్టి, ఈ రెండు మాటలూ కొటేషన్‌లో ఇప్పుడే రాయించండి.