చికాగో చలికి త్రిఫ్ట్ స్టోర్‌లో కోటు, సూటు కొనొచ్చా? నిజంగా డబ్బులు మిగులుతాయా?

కొత్త_చికాగో

అందరికీ నమస్తే. ఆగస్టులో ఎంఎస్‌కి చికాగో వచ్చాను. మాది నరసరావుపేట, మా ఊళ్ళో చలికాలం అంటే రాత్రిపూట ఫ్యాన్ ఆపి పడుకోవడం, అంతే. వచ్చేటప్పుడు నాలుగు వేలు పెట్టి ఒక జాకెట్ కొనిచ్చారు నాన్న, అది ఇక్కడ అక్టోబర్ గాలికే చేతులెత్తేసింది. కొత్తది చూద్దామంటే కాస్త మంచిది 200 డాలర్ల పైనే ఉంది, ఆ రేటు రూపాయల్లో చెప్తే ఇంట్లో గుండె ఆగిపోద్ది. పైగా ఫిబ్రవరిలో కెరీర్ ఫెయిర్ ఉంది, దానికి సూటు కావాలి. నా దగ్గర బట్టలకి మొత్తం కలిపి ఉన్నది 150 డాలర్లు.

మొన్న రూమ్మేట్‌తో గుడ్‌విల్ అనే త్రిఫ్ట్ స్టోర్‌కి వెళ్ళా, జనం డొనేట్ చేసిన పాత బట్టలు, సామాన్లు అమ్మే షాపు అది. ఫస్ట్ టైమ్ కదా, అన్నీ చవగ్గా కనిపించేసరికి పిచ్చెక్కినట్టు అయిపోయి రెండు గంటలు తిరిగి ఐదు షర్టులు ఏరుకొచ్చా, ఒక్కోటి 7 డాలర్లు, టాక్స్‌తో కలిపి 38 చిల్లర. ఇంటికొచ్చి చూస్తే వాటిలో రెండు వాల్‌మార్ట్ వాళ్ళ జార్జ్ షర్టులు, అవి కొత్తవే పదీ పన్నెండుకి దొరుకుతాయంట. ఇంకోదానికి చంక కింద పసుపు మరక. అసలు కోటు కోసం వెళ్ళినోణ్ణి కోట్ల వైపు వెళ్ళనే లేదు.

ఇది పొరపాటున వీడియో కాల్‌లో అమ్మకి చెప్పేశా. "ఎవరో చచ్చినోళ్ళ బట్టలు తొడుక్కోడానికా అంత దూరం పంపించింది" అని ఒకటే గొడవ. ఇక్కడ ఎన్నాళ్ళుగానో ఉన్నవాళ్ళు చెప్పండి, ఈ పాత బట్టల బేరంలో నిజంగా మిగిలేది ఉందా, ఉంటే ఏది కొనాలి, ఏది ముట్టుకోకూడదు?

---

డెవాన్_కాడి_అన్న

తమ్మీ, నువ్వు జేసిన తప్పే నేను గూడ జేసిన, పరేషాన్ గాకు. అగ్గువకొస్తుందని కొంటే ఎన్నడూ మిగలదు, త్రిఫ్ట్‌ల షర్టు 7 డాలర్లంటే అది దగ్గరదగ్గర కొత్తదాని రేటే. అక్కడ అసలు లాభం బరువు బట్టల్లనే ఉంటది. కోట్లు, ఉన్ని స్వెటర్లు, సూటు, జీన్సు. కొత్తగ కొంటే 200, 300 అయ్యేటియి అక్కడ 20, 30కి పడి ఉంటయ్. ఎందుకంటే ఆ రేట్లు వేసేటోళ్ళకు గంటకు ఎన్నో బట్టలకు ట్యాగ్ కొట్టాలె, ఒక్కోదాన్ని విప్పి చూసే టైమ్ ఉండదు కద, షర్టులన్నిటికీ ఒక రేటు, కోట్లన్నిటికీ జర ఎక్కువ రేటు, అట్ల పోతరు. గందుకే జార్జ్ షర్టూ, ఖరీదైన షర్టూ ఒకే రేటుకు పక్కపక్కన ఏలాడుతుంటయ్.

ఇగ కోటు ఎట్ల జూడాలంటే. ముందు మెడ కాడ బ్రాండ్ పేరు గాదు, లోపల పక్కకు కుట్టిన చిన్న లేబుల్ జూడు, దాని మీద ఏ నార ఎంత శాతమో రాసి ఉంటది, ఈ దేశంల అది చట్టం. ఉన్ని 80 శాతం, నైలాన్ 20 అని ఉంటే కళ్ళు మూస్కొని పక్కకు పెట్టు. పాలిస్టర్ 100 అని ఉండి చూడనీకి ఉన్ని లెక్క ఉంటే వద్దు, మన గాలికి అది ఆగదు. పక్కకు పెట్టినంక లైటుకు ఎదురుగ పట్టి జూడు, చెదలు తిన్నట్టు సూది మొనంత రంధ్రాలు కనబడితే అది పురుగు కొట్టిందన్నట్టు, వాపస్ ఏలాడదియ్.

డౌన్ జాకెట్ అయితే, అంటే లోపల బాతు ఈకలుండేది, పిడికిట్ల గట్టిగ పిసికి వదులు. మెల్లగ పొంగాలె. పొంగకుండ ఉండలు ఉండలుగ తగిలితే ఎవరో సరిగ్గ ఎండబెట్టక పాడు జేసిన్రు. జిప్పు మూడుసార్లు కిందికీ మీదికీ లాగు, జిప్పు మార్పిస్తే జాకెట్ కన్న ఎక్కువైతది. నాది లాండ్స్ ఎండ్ కంపెనీ డౌన్ కోటు, 18 డాలర్లు పడ్డది, 2018ల కొన్న. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 23 ఫారెన్‌హీట్ పడ్డది, మన లెక్కల మైనస్ 31, ఆ రోజు గూడ అదే ఏస్కొని బస్‌స్టాప్ దాక నడిచిన. ఇంక నడుస్తనే ఉంది ఆ కోటు.

ఇంకో ముచ్చట, గుడ్‌విల్ అన్ని ఊర్ల ఒక్క తీరు ఉండదు, ఏ ఏరియాది ఆ ఏరియా వాళ్ళే నడుపుకుంటరు, రేట్లు, డిస్కౌంట్లు అన్నీ వేరే. చానా చోట్ల ట్యాగ్ రంగును బట్టి వారానికో రంగు సగం రేటు ఉంటది, పోంగనే కౌంటర్ కాడ బోర్డు జూడు. నువ్వుండే కాడ దొరక్కపోతే పర్పుల్ లైన్ ట్రైన్ ఎక్కి ఇవాన్‌స్టన్ దిక్కు పో, పైసలున్నోళ్ళు ఉండే ఏరియా కద, ఇచ్చే బట్టలు గూడ గట్లనే ఉంటయ్. ఆండర్సన్‌విల్‌ల బ్రౌన్ ఎలిఫెంట్ అని ఇంకో త్రిఫ్ట్ షాపు ఉంది, అది గూడ చూడు.

---

నేపర్‌విల్_అక్క

అన్న చెప్పింది బాగుంది కానీ ఒకటి మర్చిపోయాడు, నల్లులు. నవ్వకండి, చికాగోలో నల్లుల బెడద మామూలుగా ఉండదు. తెచ్చిన సంచి మంచం మీద పెట్టొద్దు తమ్ముడూ, సోఫా మీదా పెట్టొద్దు, బయటే విప్పి సరాసరి డ్రయ్యర్‌లో వేసి హై హీట్ మీద అరగంట తిప్పు. ఉతకడం తర్వాత, ముందు డ్రయ్యర్, ఎందుకంటే వాటిని చంపేది వేడి. ఉన్ని కోటు డ్రయ్యర్‌లో వేస్తే బొమ్మకి తొడిగే సైజుకి వస్తుంది కాబట్టి దాన్ని మాత్రం కవర్లో గట్టిగా కట్టి నేరుగా డ్రై క్లీనింగ్‌కి ఇచ్చెయ్. మా దగ్గర లాంగ్ కోటుకి 22 తీసుకున్నారు, ఈ 22 కూడా కోటు రేటులో కలుపుకునే లెక్కేసుకో, లేకపోతే చవక అనుకున్నది చవక కాదు.

వాసన గురించి కూడా చెప్తా. కలరా ఉండల వాసన అయితే బాల్కనీలో వారం ఆరేస్తే పోతుంది. సిగరెట్ వాసన పోదు. నేను వెనిగర్, బేకింగ్ సోడా, ఎండ అన్నీ చేసి చివరికి ఆ స్వెటర్ తిరిగి డొనేషన్ డబ్బాలోనే వేశా.

లోపల వేసుకునేవి, సాక్సులు, టోపీలు కొత్తవే కొనుక్కో, అందులో పీనాసితనం వద్దు. కోటు పాతదైనా లోపల మంచి థర్మల్ ఉంటే సగం చలి అక్కడే ఆగిపోతుంది.

అన్నిటికన్నా చవక ఏంటో తెలుసా, మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మూవింగ్ సేల్స్. ఇండియాకి వెళ్ళిపోయేవాళ్ళు, టెక్సాస్‌కి మారేవాళ్ళు మంచి మంచి కోట్లు ఊరికే ఇచ్చేస్తారు, డల్లాస్‌లో దాన్ని ఏం చేసుకుంటారు పాపం. పైగా సైజులు కూడా మన ఒళ్ళుకి దగ్గరగా ఉంటాయి. అరోరా బాలాజీ గుడికి వచ్చినప్పుడు అడిగినా ఎవరో ఒకరు ఇస్తారు. మా పాప స్నో సూట్ అలా వచ్చిందే, అది చిన్నదైపోయాక ఇంకో ఇంటికి వెళ్ళింది, ఇప్పుడు మూడో పిల్ల వేసుకుంటోంది.

అమ్మగారి సంగతి, ఆవిడకి కోపం రాదు, దిగులు వస్తుంది. పక్కూరి పిన్ని కూతురి పట్టులంగా మనం వేసుకుని పెరగలేదా అని అడిగి చూడు.

---

లెక్కల_మాస్టారు

నా అభిప్రాయం వేరు. రెండు గంటలు తిరిగావు, రెండు ట్రైన్లు ఎక్కుతావు, దొరుకుతుందో లేదో తెలీదు. అదే టైమ్‌లో క్యాంపస్‌లో రెండు గంటలు పనిచేస్తే ఆ తేడా వచ్చేస్తుంది. బర్లింగ్టన్, రాస్ లాంటి డిస్కౌంట్ షాపుల్లో కొత్త కోటే 60, 70కి ఉంటుంది, నచ్చకపోతే రిటర్న్ ఇవ్వొచ్చు. త్రిఫ్ట్‌లో చాలా చోట్ల రిటర్న్ లేదు, ట్రయల్ రూములు కూడా కోవిడ్‌లో మూసేసి కొన్ని చోట్ల ఇంకా తెరవలేదు. సన్నటి టీషర్టు మీద వెళ్తే అక్కడే తొడిగి చూసుకోవచ్చులే, కానీ ప్యాంటు ఏం చేస్తావు.

నీ 150లో 38 అప్పుడే పోయాయి, అది గుర్తుంచుకో.

---

తెనాలి_టైలర్_కూతురు

మాస్టారూ మీ లెక్క కోటుకి ఓకే, సూటుకి కాదు. 70 డాలర్ల కొత్త సూటు అంటే అది ప్లాస్టిక్ సంచి లాంటిదే, హాల్లో పది నిమిషాలు నిలబడితే చెమట. పాత ఉన్ని సూటు 25కి దొరికితే అది వేరే లెవెల్.

మా నాన్న టైలర్, చిన్నప్పటినుంచీ కాజాలు కుట్టి పెరిగా కాబట్టి ఇది నా సబ్జెక్టు. బ్రదర్, లోపల 38ఆర్, 38ఎస్ అని ఉంటుంది. నంబర్ ఛాతీ కొలత అంగుళాల్లో, పక్కన అక్షరం పొడవు, ఆర్ అంటే రెగ్యులర్, ఎస్ అంటే షార్ట్, ఎల్ అంటే లాంగ్. మనవాళ్ళలో చాలామందికి ఎస్ పడుతుంది, అది ఇక్కడ మగాళ్ళు పెద్దగా కొనరు కాబట్టి నాలుగు చోట్ల తిరిగితే కానీ దొరకదు. మామూలుగా జాకెట్ నంబర్‌లోంచి ఆరు తీసేస్తే దానితో వచ్చే ప్యాంటు నడుం, 38కి 32.

తొడిగి చూసినప్పుడు భుజం ఒక్కటే చూడు, ఇంకేం చూడకు. భుజం కుట్టు నీ భుజం ఎముక దాటి కిందికి జారితే వదిలెయ్, అది సరిచెయ్యాలంటే సూటంతా విప్పాలి, ఏ టైలరూ చెయ్యడు, చేసినా సూటు కన్నా ఎక్కువ తీసుకుంటాడు. నడుం దగ్గర లూజు, ప్యాంటు పొడవు, చేతుల పొడవు ఇవన్నీ తేలికే. చేతుల దగ్గర గుండీలు ఉత్త డెకరేషనా, నిజంగా కాజాలు కోసినవా అని చూసుకో, నిజం కాజాలుంటే చెయ్యి కురచ చెయ్యడం తలనొప్పి. ప్యాంటు వెనక కుట్టులోపల గుడ్డ మిగిలి ఉందో లేదో తిప్పి చూడు, ఉంటే అంగుళమో ఒకటిన్నర అంగుళమో వదులు చేయించుకోవచ్చు. తొడల మధ్య గుడ్డ పలచబడిందా అన్నది లైటుకి పెట్టి చూడు, పాత సూట్లు చచ్చేది అక్కడే.

ఇంకా ముందు మీ యూనివర్సిటీలో కెరీర్ క్లోజెట్ ఉందేమో అడుగు, చాలా చోట్ల స్టూడెంట్స్‌కి ఇంటర్వ్యూ బట్టలు ఫ్రీగా ఇస్తారు. జేసీ పెన్నీ అనే షాపు వాళ్ళు కూడా కొన్ని యూనివర్సిటీలతో కలిసి సూటప్ అని ఒక రోజు పెట్టి స్టూడెంట్స్‌కి తగ్గించి అమ్ముతారు.

బూట్లు మాత్రం వద్దు. ముఖ్యంగా పాత హైకింగ్ బూట్లు, చూడ్డానికి కొత్తగా ఉంటాయి, కానీ ఏళ్ళ తరబడి పెట్టెలో ఉంటే పాలీయురిథేన్ సోల్ లోపల్లోపలే పాడైపోయి, వేసుకుని నాలుగు వీధులు నడిచేసరికి అప్పచ్చిలా పొడి పొడిగా రాలిపోద్ది. మా ఆయనకి మిచిగన్ అవెన్యూ మీద జరిగింది, ఒక కాలికి సోల్ లేకుండా ఇంటికొచ్చాడు.

---

కొత్త_చికాగో

అందరికీ థ్యాంక్స్, అప్‌డేట్ ఇస్తున్నా. నిన్న ఇవాన్‌స్టన్ వెళ్ళా. జేబులో కాగితం మీద "కోటు, సూటు, ఇంకేం లేదు" అని రాసుకుని వెళ్ళా, షర్టుల వరస దగ్గర రెండుసార్లు కాలు ఆగింది కానీ ముందుకెళ్ళిపోయా. ఉన్ని 80, నైలాన్ 20, అచ్చం అన్న చెప్పినట్టే, నల్ల లాంగ్ కోటు దొరికింది. ట్యాగ్ 24.99, ఆ రోజు ఆ రంగు సగం రేటు, టాక్స్‌తో కలిపి 13 చిల్లర పడింది! లైటుకి పెట్టి చూస్తుంటే పక్కనున్న పెద్దావిడ నా వైపు అనుమానంగా చూసింది, నేను వివరించేసరికి ఆవిడ కూడా తన స్వెటర్ తీసి లైటుకి పెట్టింది. కౌంటర్‌లో రౌండప్ చేస్తారా అని అడిగింది, మిగిలిన పైసలు డొనేషన్‌కంట, సగం రేటుకి ఇచ్చాక కాదనలేకపోయా.

కవర్లో కట్టి డ్రై క్లీనింగ్‌కి ఇచ్చా, 20. అంటే 34. షర్టులతో కలిపి 72 చిల్లర అయింది మాస్టారూ, నోట్ చేసుకున్నా. సూటు 40ఎల్ ఒకటి ఉంది కానీ భుజాలు చూస్తే మా తాతయ్య కోటు నేను వేసుకున్నట్టుంది, వదిలేశా. సోమవారం కెరీర్ సెంటర్‌లో అడుగుతా.

అమ్మకి పట్టులంగా మాట చెప్పాను అక్కా. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అది మన వాళ్ళది కదరా" అంది. ఇంకాసేపు ఆగి కోటు వేసుకుని చూపించమంది. చేతులు కొంచెం పొడుగు ఉన్నాయంట, అది మాత్రం కరెక్టే, వేళ్ళ దాకా వస్తున్నాయి. తెనాలి అక్కా, కోటు చేతులు కూడా సూటు లాగే తేలికేనా, లోపల లైనింగ్ ఉంది మరి?

---

తెనాలి_టైలర్_కూతురు

లైనింగ్ ఉన్నా తేలికే, అంగుళం వరకు. చేతి చివర పట్టీ, గుండీ ఏమీ లేకపోతే ఒక గంట పని. క్లీనింగ్ నుంచి రాగానే అంచు లోపలికి తిప్పి ఫోటో పెట్టు, చూసి చెప్తా.