అరవై కంప్యూటర్ల ఆఫీసుకు సాఫ్ట్‌వేర్ ఆడిట్, లైసెన్స్ లెక్కల కోసం ఏ టూల్ మంచిది?

ప్రశ్న

నమస్కారం. విజయవాడలో ఒక ప్రచురణ సంస్థ ఆఫీసులో కంప్యూటర్ల బాధ్యత నేను చూస్తున్నాను. అకౌంట్స్, డీటీపీ (పేజీల కూర్పు), మార్కెటింగ్ విభాగాలన్నీ కలిపి సుమారు అరవై కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో సగం బ్రాండెడ్, మిగిలినవి వేర్వేరు కాలాల్లో ఇక్కడి డీలర్ల దగ్గర అసెంబుల్ చేయించినవి. డొమైన్ (అన్ని కంప్యూటర్లనూ ఒకే సర్వర్ నుంచి నియంత్రించే ఏర్పాటు) లేదు, అన్నీ వర్క్‌గ్రూప్‌లోనే, అంటే దేనికది విడిగానే నడుస్తున్నాయి. ఈ మధ్య ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి మా యాజమాన్యానికి ఉత్తరం వచ్చింది. తమ ఉత్పత్తులు ఎన్ని కంప్యూటర్లలో ఉన్నాయో, వాటికి లైసెన్సులు ఎన్ని ఉన్నాయో వివరంగా తెలియజేయమని అందులో కోరారు. ప్రస్తుతం మా దగ్గర ఉన్నది ఒక ఎక్సెల్ షీటు, అది కూడా కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు తప్ప ఎవరూ తెరవనిది. జీఎల్‌పీఐ, ఓసీఎస్ ఇన్వెంటరీ, స్నైప్-ఐటీ, లాన్‌స్వీపర్, మేనేజ్‌ఇంజిన్ అసెట్ ఎక్స్‌ప్లోరర్ అనే పేర్లు విన్నాను. ఖర్చు తక్కువగా ఉండాలి, ఒక్కరే నిర్వహించుకోగలిగేలా ఉండాలి. ఏది తీసుకోమంటారు?

మొదటి సమాధానం

మీరు చెప్పిన టూల్స్ అన్నీ ఒకే పని చేసేవి కావు. ఓసీఎస్ ఇన్వెంటరీ ప్రధానంగా కంప్యూటర్లలో ఏమేమి ఇన్‌స్టాల్ అయి ఉన్నాయో సేకరిస్తుంది. స్నైప్-ఐటీ అందుకు భిన్నంగా, మీరు నమోదు చేసిన లైసెన్సులను ఎవరికి ఇచ్చారో, ఎప్పుడు గడువు ముగుస్తుందో చక్కగా చూపిస్తుంది గానీ, కంప్యూటర్ లోపల ఏముందో తనంతట తాను వెతికి తెలుసుకోదు. జీఎల్‌పీఐలో ఈ రెండు పనులూ ఉన్నాయి. 2022లో వచ్చిన పదో వెర్షన్ నుంచి ఇన్వెంటరీ సౌకర్యం అందులోనే కలిసి వస్తోంది, ప్రత్యేకంగా ప్లగిన్ వేసుకోనవసరం లేదు. మీ పరిస్థితికి నేను జీఎల్‌పీఐనే సూచిస్తాను.

డొమైన్ లేదన్నారు కాబట్టి, ప్రతి కంప్యూటర్‌లోనూ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాము వేసి, అది వివరాలను సర్వర్‌కు పంపేలా చేసే పద్ధతే మీకు నయం. ఏజెంట్ లేకుండా దూరం నుంచి స్కాన్ చేసే లాన్‌స్వీపర్ వంటి వాటికి ప్రతి కంప్యూటర్‌లోనూ అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి, ఫైర్‌వాల్‌లో తగిన పోర్టులు తెరిచి ఉండాలి. వర్క్‌గ్రూప్‌లో అరవై కంప్యూటర్లకు ఇవి సరిచేసుకుంటూ కూర్చోవడం కంటే, ఒక్కసారి తిరిగి ఏజెంట్ వేసి రావడం సులభం. అసెట్ ఎక్స్‌ప్లోరర్ మంచిదే, చెన్నైలోని జోహో సంస్థది కాబట్టి సహాయం కూడా దగ్గరలోనే దొరుకుతుంది. అయితే దాని ఉచిత ఎడిషన్ 25 కంప్యూటర్ల వరకే పరిమితం, మీరు డబ్బు పెట్టక తప్పదు. జీఎల్‌పీఐకి ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టి, అందులో లినక్స్, పీహెచ్‌పీ, మరియాడీబీ డేటాబేస్ వేసుకుంటే చాలు. ఇన్‌స్టాల్ అయిన తరువాత అడ్మినిస్ట్రేషన్ మెనూలో ఇన్వెంటరీని మీరే ఆన్ చేయాలన్నది గుర్తుంచుకోండి; లేకపోతే ఏజెంట్లు పంపేది సర్వర్ తీసుకోదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఏ టూల్ అయినా ఇన్‌స్టాల్ అయినవాటిని లెక్క పెడుతుందే తప్ప, వాటిని వాడుకునే హక్కు మీకుందో లేదో చెప్పలేదు. ఆ హక్కు మీ బిల్లుల ఫైల్లో ఉంటుంది. ఉదాహరణకు, డెస్క్‌టాప్ ఆఫీస్ ఉన్న మైక్రోసాఫ్ట్ 365 వ్యాపార ప్లాన్లలో ఒక యూజర్‌కు ఐదు కంప్యూటర్ల వరకు ఆఫీస్ వేసుకునే వీలుంది. టాలీప్రైమ్ గోల్డ్ ఒక్కటి కొంటే లాన్‌లో ఎంతమందైనా వాడుకోవచ్చు, సిల్వర్ అయితే ఒక్క యూజర్‌కే. ఇన్‌స్టాల్ సంఖ్యను మాత్రమే చూస్తే అకౌంట్స్ విభాగంలో మీరు చేయని ఉల్లంఘన కనబడవచ్చు, మరోచోట చేస్తున్నది కనబడకపోవచ్చు. అందువల్ల టూల్ ఎంపిక కంటే ముందు బిల్లులు, లైసెన్స్ ఈమెయిళ్లు, పాత సీడీ పెట్టెలు ఒకచోట చేర్చి, ప్రతిదానికీ ఎన్ని సీట్లు, యూజర్ లెక్కనా కంప్యూటర్ లెక్కనా, శాశ్వతమా ఏడాది చందానా అన్నవి రాసుకోండి. జీఎల్‌పీఐలో సాఫ్ట్‌వేర్ పేజీలోనే లైసెన్సుల భాగం ఉంటుంది, అక్కడ ఈ వివరాలతో పాటు బిల్లు స్కాన్ కాపీని కూడా జతచేయవచ్చు.

రెండవ సమాధానం

పై సూచనతో నేను ఏకీభవిస్తున్నాను. విండోస్ విషయంలో మాత్రం ఏ టూల్ నివేదికనూ అలాగే నమ్మవద్దు, ఎందుకంటే పైరేటెడ్ విండోస్ కూడా నివేదికలో మామూలు విండోస్‌లాగే కనబడుతుంది. అసెంబుల్డ్ కంప్యూటర్లలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఎస్‌ఎల్‌ఎంజీఆర్ ఆదేశాన్ని డీఎల్‌వీ అన్న స్విచ్‌తో (slmgr /dlv) నడపండి. తెరుచుకునే పెట్టెలో డిస్క్రిప్షన్ వరుస చివర ఓఈఎం (కంప్యూటర్‌తో వచ్చినది), రీటైల్ (విడిగా కొన్నది), వాల్యూమ్ (సంస్థలకు టోకుగా ఇచ్చేది) అన్న మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది. వాల్యూమ్ పక్కన కేఎంఎస్ క్లయింట్ అని ఉండి, మీ సంస్థ ఎన్నడూ వాల్యూమ్ లైసెన్స్ కొనలేదంటే, అది ఎవరో క్రాక్‌తో (దొంగతనంగా) యాక్టివేట్ చేసినదై ఉండే అవకాశం ఎక్కువ. కేఎంఎస్ అంటే వాల్యూమ్ లైసెన్సులను యాక్టివేట్ చేసే మైక్రోసాఫ్ట్ పద్ధతి; అసలైనదైతే అది దాన్ని వాడే సంస్థ సొంత సర్వర్‌పై నడుస్తుంది, 180 రోజుల చెల్లుబాటు ఇస్తుంది, విండోస్ క్లయింట్ల కోసం అయితే కనీసం 25 కంప్యూటర్లు తనను సంప్రదించేదాకా పని మొదలుపెట్టదు. అటువంటి సర్వర్ మీ ఆఫీసులో ఉంటే మీకు తెలియకుండా ఉండదు.

బ్రాండెడ్ కంప్యూటర్లతో వచ్చిన ఓఈఎం విండోస్ ఆ కంప్యూటర్‌కే చెందుతుంది, దానిని తీసి వేరేదానిలో వేసుకోవడం కుదరదు. ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ ఎడిషన్ ఎక్కడైనా కనబడితే అది కూడా రాసుకోండి, దాని లైసెన్స్ వ్యాపార వినియోగానికి వర్తించదు.

ఏజెంట్ లేకుండా సొంతంగా పవర్‌షెల్ (విండోస్ ఆదేశాల భాష) స్క్రిప్టు రాసుకోవాలనుకుంటే, ఇన్‌స్టాల్ అయినవాటి జాబితా ఇచ్చే విన్32 ప్రొడక్ట్ (Win32_Product) అనే క్లాస్‌ను మాత్రం వాడకండి. ఆ క్వెరీ నడిచిన ప్రతిసారీ విండోస్ తన ఇన్‌స్టాలర్‌తో వేసిన ప్రోగ్రాములన్నిటినీ (ఎంఎస్ఐ ప్యాకేజీలను) సరిచూడడం మొదలుపెడుతుంది, కొన్నిటికి మరమ్మతు కూడా చేసేస్తుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోని అన్‌ఇన్‌స్టాల్ కీలను చదవడమే సురక్షితం. అలాగే ఇంటర్నెట్‌లో చాలామంది సూచించే, కంప్యూటర్‌లో ఏముందో చూపే బెలార్క్ అడ్వైజర్ వ్యక్తిగత వినియోగానికే ఉచితం, ఆఫీసు కంప్యూటర్లలో వాడడానికి దాని లైసెన్సే అనుమతించదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలండీ. మీరు చెప్పిన ఆదేశాన్ని అసెంబుల్డ్ కంప్యూటర్లలో నడిపి చూశాను. కొన్నిటిలో కేఎంఎస్ క్లయింట్ అనే వచ్చింది. బిల్లులు తీసి చూస్తే మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్ మాత్రమే ఉన్నాయి, విండోస్ అన్న వరుసే లేదు. అమ్మేటప్పుడు మాత్రం ఒరిజినల్ వేసిచ్చామని డీలర్ చెప్పారు. వీటిని ఏం చేయాలి? డీటీపీ విభాగంలో ఫాంట్ల సంగతి కూడా చెప్పగలరా? పేజ్‌మేకర్ (పాత పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్), అను ఫాంట్లతో మొదలుపెట్టి ఎన్నో ఏళ్లుగా ఎవరెవరో తెచ్చి వేసినవి అక్కడ ఉన్నాయి.

మూడవ సమాధానం

ఫాంట్ల గురించి అడిగినందుకు సంతోషం, ఎందుకంటే తెలుగు ప్రచురణ ఆఫీసుల్లో అసలు చిక్కు అక్కడే ఉంటుంది. ఫాంట్ అన్‌ఇన్‌స్టాల్ జాబితాలో నమోదు కాదు, అందువల్ల మామూలు సాఫ్ట్‌వేర్ నివేదికలో దాని జాడ ఉండదు. డీటీపీ కంప్యూటర్లలో విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్‌తో పాటు, ఒక్కొక్క యూజర్ ప్రొఫైల్‌లో యాప్‌డేటా కింద ఉండే ఫాంట్స్ ఫోల్డర్‌నూ తప్పక చూడాలి. విండోస్ 10 నాటి నుంచి అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండానే యూజర్లు ఫాంట్లు వేసుకునే వీలు వచ్చింది. ఆ ఫైళ్ల పేర్లను ఒక స్క్రిప్టుతో సేకరించి, బిల్లు ఉన్నవి, విండోస్‌తో వచ్చినవి, ఎక్కడివో తెలియనివి అని విడదీయండి. చివరి రకం ఫాంట్లతో కొత్త పుస్తకాలు చేయడం ఆపేయండి. మండలి, రామభద్ర, సూరన్న, ఎన్‌టీఆర్ వంటి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగల అక్షర సంకేతాల) ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, అమ్మకానికి వేసే పుస్తకాల్లోనూ రుసుము లేకుండా వాడుకోవచ్చు. పాత ఫైళ్లు యూనికోడ్‌లోకి మార్చుకోవడం శ్రమే, కానీ ఆ శ్రమకు తగిన ఫలితం ఉంటుంది. పేజ్‌మేకర్ పాత పెట్టె, బిల్లు దొరికితే భద్రంగా ఉంచండి. ఉత్పత్తి ఆగిపోయినంత మాత్రాన శాశ్వత లైసెన్స్ రద్దయిపోదు.

జీఎల్‌పీఐ ఏజెంట్‌లో యూజర్ ప్రొఫైళ్లను కూడా స్కాన్ చేయమనే సెట్టింగ్ మొదట ఆఫ్‌లో ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. నివేదిక రాగానే జావా (కొన్ని ప్రోగ్రాములు నడవడానికి కావలసిన సాఫ్ట్‌వేర్) కోసం వెతకండి. ఆదాయపు పన్ను రిటర్నుల పాత జావా యుటిలిటీ కోసం ఎప్పుడో వేసినది చాలా అకౌంట్స్ కంప్యూటర్లలో మిగిలిపోయి ఉంటుంది. ఒరాకిల్ జావా 8లో 2019 ఏప్రిల్ నుంచి వచ్చిన అప్‌డేట్లకు ఆఫీసు వినియోగంలో చందా కావాలి. పైగా 2023 జనవరి నుంచి ఆ కంపెనీ అమ్ముతున్న చందా జావా ఉన్న కంప్యూటర్ల లెక్కన కాక, సంస్థలోని మొత్తం ఉద్యోగుల లెక్కన ఉంటుంది. అవసరం లేని చోట తీసేయండి, అవసరం ఉన్నచోట ఉచిత జావా అయిన ఎక్లిప్స్ టెమురిన్ వేసుకోండి. దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ ఉచిత వెర్షన్లు వ్యక్తిగత వినియోగానికే. ఫైళ్లు కుదించడానికి విన్‌రార్ బదులు ఉచితమైన 7-జిప్ చాలు.

క్రాక్ ఉన్న కంప్యూటర్ల విషయంలో ఆలస్యం చేయవద్దు. కాపీరైట్ చట్టం, 1957లోని 63బీ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన ప్రతి అని తెలిసి ప్రోగ్రామును వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 69వ సెక్షన్ కింద సంస్థ బాధ్యతలు చూసేవారు కూడా జవాబుదారులవుతారు. ఇప్పుడు మీకు తెలిసిపోయింది కాబట్టి, ఏమి కనబడిందో తేదీ వేసి యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇవ్వండి. పాత ప్రాసెసర్లున్నవాటికి విండోస్ కొనేముందు అవి విండోస్ 11కు పనికొస్తాయో లేదో చూడండి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ఉత్తరం సంగతికి వస్తే, మీ లైసెన్స్ ఒప్పందంలో ఆడిట్ షరతు ఉందో లేదో న్యాయవాదితో చదివించి, ఆ కంపెనీ ఉత్పత్తుల వరకే లెక్క సిద్ధం చేసుకోండి. జీఎల్‌పీఐ ఇచ్చే పూర్తి జాబితా వారికి పంపనవసరం లేదు. ఆ లెక్క వేసే ముందు యాజమాన్యం వారి ల్యాప్‌టాప్‌లలోనూ, ఇంటి నుంచి పని చేసే ప్రూఫ్ రీడర్లకు ఆఫీసు ఇచ్చిన కంప్యూటర్లలోనూ ఏజెంట్ వేయించండి.