“కోరుకోను”, “కోరుకోవడం లేదు”: సోపతి మీద ఒక చర్చ

హనుమకొండ నుంచి:
విశ్వవిద్యాలయంలో కలిసి చదువుకున్న స్నేహితుడు ప్రేమిస్తున్నానని ఫోనుకు పెద్ద సందేశం పంపాడు. నేను ఏసెక్సువల్‌ని. ఎవరి మీదా లైంగిక ఆకర్షణ కలగదు, ప్రేమబంధం మీదా ఆసక్తి లేదు. అతని స్నేహం మాత్రం కావాలి. జవాబులో “అలైంగికురాలిని” అని రాయబోతే జీవశాస్త్రంలో చదివిన అలైంగిక ప్రత్యుత్పత్తి గుర్తుకొచ్చింది, నేనేమైనా అమీబానా! “కేవలం స్నేహమే” అంటే స్నేహం రెండో రకం సరుకైపోతుంది. స్నేహానికి మన తెలంగాణ మాట “సోపతి” అంటే నప్పుతుందా?

కరీంనగర్ నుంచి:
చక్కగా నప్పుతుంది. ఇది ఉర్దూ “సోహబత్” నుంచి వచ్చిన మాట. ఉర్దూ నిఘంటువుల్లో దానికి సహవాసంతో పాటు శారీరక కలయిక అనే అర్థం కూడా ఉంది. మన నోట సోపతిగా మారేసరికి ఆ రెండో అర్థం రాలిపోయింది. మీరు చెప్పదలచుకున్నదీ అదే కదా!

జనగామ నుంచి:
మా బమ్మెర పోతనను మరిచారు. సంస్కృత భాగవతంలో ప్రహ్లాదుడు నవవిధ భక్తులు చెప్పేటప్పుడు శ్రవణం మొదటిది, సఖ్యం ఎనిమిదోది. పోతన “తనుహృద్భాషల సఖ్యమున్” అంటూ సఖ్యాన్ని ముందుకు తెచ్చి కూర్చోబెట్టాడు. మనసు, మాటతో పాటు తనువూ అందులో ఉందని గమనించండి. కష్టానికి ఒళ్లు వంచి నిలబడటమూ సఖ్యమే.

కాజీపేట నుంచి:
పద్యం బాగుంది గానీ, అది మత్తేభ వృత్తం. మొదట సగణం (రెండు లఘువులు, ఒక గురువు) పడాలి, “శ్రవణ” నగణం (మూడూ లఘువులే). ముందుకు తెచ్చినదాంట్లో ఛందస్సు వాటా కూడా ఉంది!

అమ్మా, మీరు నామవాచకం వెతుకుతున్నారు, చిక్కు క్రియలో ఉంది. “నిన్ను ప్రేమించలేకపోతున్నాను” అని రాస్తే ప్రయత్నిస్తున్నారనీ, రేపో మాపో ఫలిస్తుందనీ అతను అనుకుంటాడు. “కోరుకోవడం లేదు” అంటే ప్రస్తుతానికి లేదని. “కోరుకోను” అన్నారనుకోండి, స్వభావమూ అందులోకే వస్తుంది, ఇకముందు సంగతీ వస్తుంది. తెలుగు వ్యతిరేక క్రియకు ఆ సౌకర్యం ఉంది, వాడుకోండి. “ఎవరినీ” అనే మాట కూడా చేర్చండి, లోపం తనలో ఉందని అతను కుమిలిపోకుండా.

ఏసెక్సువల్ అని మాత్రమే చెబితే జవాబు పూర్తికాదు. లైంగిక ఆకర్షణ లేకపోయినా ప్రేమబంధం కోరుకునే ఏసెక్సువల్స్ ఉన్నారు. అతనికి ఆ సంగతి తెలిస్తే, “అది లేకపోయినా ఫర్వాలేదు, పెళ్లి చేసుకుందాం” అనవచ్చు. కాబట్టి ప్రేమ, పెళ్లి రెండూ పేరు పెట్టి కాదనండి. బ్రహ్మచర్యంతో పోల్చనివ్వకండి, అది పూనుకునే వ్రతం.

కరీంనగర్ నుంచి:
కాదన్న మరునాడే “ఎప్పటిలా ఉందాం” అని అతన్ని తొందరపెట్టడం నాకు న్యాయంగా తోచదు. ఆశపడ్డ మనిషి కొన్నాళ్లు కనిపించకపోవచ్చు. సోపతి అంటే రోజూ మాట్లాడి తీరాలనే షరతు కాదు.

హనుమకొండ నుంచి:
ఇలా రాశాను: “నేను ఎవరినీ ఆ దృష్టితో కోరుకోను. ప్రేమ, పెళ్లి ఇకముందు కూడా నాకు వద్దు. నీ సోపతి కావాలి. కానీ నీకు ఎడంగా ఉండాలనిపిస్తే ఉండు, నేను తప్పుపట్టను.”

కాజీపేట నుంచి:
“కానీ” తీసేసి పంపండి.