పదిసార్లూ ఒకే రీడింగ్ వచ్చింది, అయినా లాట్ రిజెక్ట్. తప్పెవరిది?

బాలానగర్ లేత్:
మాది బాలానగర్‌లో చిన్న షాపు. రెండు సీఎన్‌సీలు (కంప్యూటర్‌తో నడిచే కోత మెషిన్లు), ఒక పాత లేత్, నలుగురం మనుషులం. పోయిన వారం 40 అల్యూమినియం రింగులు చేసిచ్చాం. డ్రాయింగ్ ప్రకారం బయటి వ్యాసం 119.970 నుంచి 120.000 మి.మీ. మధ్య ఉండాలి. సెట్టింగ్ రాడ్‌తో (పొడవు ముందే తెలిసిన కడ్డీ) జీరో చూసుకుని డిజిటల్ మైక్రోమీటర్‌తో నేనే కొలిచాను. ర్యాచెట్ (ఎప్పుడూ ఒకే బిగింపు ఇచ్చే పిడి) మూడు క్లిక్కులు, ప్రతిసారీ అంతే. ఒక్కో రింగుని పదిసార్లు చూసినా 119.985, అటూ ఇటూ ఒక మైక్రాన్ (మి.మీ.లో వెయ్యో వంతు). అంటే సరిగ్గా నడిమధ్య. కస్టమర్ దగ్గర సీఎంఎంలో (ప్రోబ్‌తో తాకి కొలిచే పెద్ద మెషిన్) 119.960 వచ్చిందట. అండర్‌సైజ్ అని మొత్తం లాట్ వెనక్కి పంపారు. ఓవర్‌సైజ్ అయితే ఇంకో కట్ వేసి ఇచ్చేవాణ్ణి. తగ్గినదాన్ని తూకానికి అమ్ముకోవడం తప్ప ఏం చేస్తాం? మైక్రోమీటర్‌కి ఫిబ్రవరిలోనే క్యాలిబ్రేషన్ (సరిగ్గా చూపిస్తోందా అనే తనిఖీ) అయింది, స్టిక్కర్ కూడా ఉంది. పదిసార్లు ఒకటే మాట చెప్పే పరికరం అబద్ధం చెబుతుందా? లేక వాళ్ళ మెషిన్‌నే అనుమానించాలా?

చర్లపల్లి భాయ్:
అన్నా, ఒప్పుకోకు. సీఎంఎం ఏమన్నా దేవుడా? ప్రోబ్ కొనకి చిన్న లోహపు చిప్ అడ్డం పడినా రీడింగ్ తప్పుతుంది. ఆర్డర్లు తగ్గినప్పుడు స్టాక్ వదిలించుకోవడానికి రిజెక్ట్ కొట్టడం నేను రెండుసార్లు చూశాను. రీచెక్ అడుగు, నీ మనిషి ముందే చేయమను.

పాత టూల్‌రూమ్:
రీచెక్ అడగడం మంచిదే. కానీ భాయ్, చిప్ అడ్డం పడితే బయటి వ్యాసం పెరుగుతుంది, తగ్గదు. ఇక్కడ తగ్గింది. బాలానగర్ తమ్ముడూ, ఒక్క మాట చెప్పు. ఎన్ని గంటలకు కొలిచావు? అప్పుడు షెడ్డులో వేడి ఎంత?

బాలానగర్ లేత్:
మధ్యాహ్నం మూడింటికి సార్. రేకుల షెడ్డు, మే నెల. గోడ మీది థర్మామీటర్ 38 చూపిస్తోంది. రింగులు ముందురోజువే, మెషిన్ వేడి కూడా లేదు. మైక్రోమీటర్ కూడా అదే షెడ్డులో ఉంది కదా, రెండూ ఒకే వేడిలో ఉంటే లెక్క సరిపోవాలి కదా?

పాత టూల్‌రూమ్:
రింగు ఉక్కుదైతే సరిపోయేది. నీ మైక్రోమీటర్ ఫ్రేమూ, సెట్టింగ్ రాడ్డూ ఉక్కువి. రింగు అల్యూమినియంది. ఒక్క డిగ్రీ పెరిగితే ఉక్కు మీటరుకి దాదాపు 11.5 మైక్రాన్లు సాగుతుంది. అల్యూమినియం 23, అంటే రెట్టింపు. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర చెప్పుకోవాలని 1931లోనే అంతర్జాతీయంగా తేల్చుకున్నారు. డ్రాయింగ్‌లో ఇంకేమీ రాయకపోతే ఆ 20 డిగ్రీలే లెక్క. ఇప్పుడు వేసుకో. 38కీ 20కీ తేడా 18 డిగ్రీలు. 120 మి.మీ. రింగు 50 మైక్రాన్లు ఉబ్బింది. నీ మైక్రోమీటర్ 25 సాగింది. మిగిలిన 25 మైక్రాన్లు నీ రీడింగ్‌లో కలిసిపోయాయి. నీ 119.985 లోంచి అది తీసేస్తే ఎంత?

బాలానగర్ లేత్:
119.960.
(ఈ లెక్క చూశాక టీ తాగడానికి బయటికి వెళ్ళొచ్చాను సార్.)

చర్లపల్లి భాయ్:
సరే, లెక్క కుదిరింది. మరి ఆ స్టిక్కర్ ఎందుకు? వేలకి వేలు పోసి ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో చేయించుకుంటున్నాం. సర్టిఫికెట్ ఉన్న పరికరంతో కొలిస్తే కూడా తప్పు మనదేనా?

క్యూసీ జీడిమెట్ల:
ల్యాబులో 20 డిగ్రీల గదిలో, ఉక్కు స్లిప్ గేజీలతో (కచ్చితమైన కొలత దిమ్మెలు) చూసి ఇచ్చిన కాగితం అది. పరికరం సంగతే అందులో ఉంటుంది. 38 డిగ్రీల్లో అల్యూమినియం మీద మీరు పెట్టే కొలత సంగతి దాంట్లో ఉండదు. మాది ఫార్మా. మాకూ ఇదే గొడవ. మందు ఎంతుందో పోల్చి చూసుకునే స్టాండర్డ్ ద్రావణాన్ని హెచ్‌పీఎల్‌సీ అనే మెషిన్‌లో ఆరుసార్లు ఇంజెక్ట్ చేస్తాం. ఆరూ అచ్చం ఒకేలా వస్తాయి. కానీ ఆ స్టాండర్డ్ పౌడర్ వానాకాలంలో తేమ పీల్చుకుని ఉంటే? తూకంలో నీరు కూడా మందు కింద లెక్కకొస్తుంది, దాంతో శాంపిల్ అస్సే (అందులో మందు ఎంతుందన్న లెక్క) ఉన్నదానికంటే ఎక్కువ పడుతుంది. ఆరు ఇంజెక్షన్లూ ముద్దుగా కలిసే ఉంటాయి, రిజల్ట్ మాత్రం తప్పు.
అలాగని పదిసార్లు కొలవడం దండగ అనకండి. ఈ అన్న రీడింగులు 30 మైక్రాన్లు అటూ ఇటూ ఊగి ఉంటే, ఈ 25 మైక్రాన్ల తేడా అంత తేలిగ్గా బయటపడేది కాదు. నిలకడ ఉంది కాబట్టే తప్పు దొరికింది.

నాచారం మాస్టారు:
నిలకడగా తప్పడం అంటే హబుల్ టెలిస్కోప్ గుర్తుకొస్తుంది. పిల్లలకి ఏటా చెబుతాను. దాని అద్దాన్ని అద్భుతంగా పాలిష్ చేశారు, కాకపోతే తప్పు ఆకారంలోకి. పాలిష్‌ని పరీక్షించే పరికరంలోనే ఒక లెన్స్ ఉండాల్సిన చోటుకి 1.3 మి.మీ. దూరంలో ఉంది. ఆ పరికరం ఎన్నిసార్లు చూసినా బాగుందనే చెప్పింది. ఇంకో మామూలు పరీక్షలో తేడా కనిపించినా, పెద్ద పరికరం చెప్పిందే వేదమని దాన్ని పక్కన పెట్టేశారు. 1990లో పైకి పంపాక బొమ్మలు మసకగా వచ్చాయి. 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్ళి సరిచేసే అద్దాలు బిగించాల్సి వచ్చింది. ఆ మొదటి అద్దం అంచు దగ్గర తేడా రెండు మైక్రాన్ల పైచిలుకే.

ల్యాబ్ మేడమ్:
మా దగ్గరికి వచ్చేవాళ్ళదీ ఇదే వాదన. "మూడు నెలల షుగర్ రెండు ల్యాబుల్లోనూ ఒకటే వచ్చింది, ఇంకేం అనుమానం?" అంటారు. ఆ పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, ఎర్ర రక్తకణాల్లో చేరిన చక్కెరని చూస్తుంది. ఐరన్ లోపంతో రక్తం తగ్గినవాళ్ళలో ఆ కణాల వయసు లెక్క మారిపోయి, షుగర్ అంత లేకపోయినా ఎక్కువ చూపించొచ్చు. మెషిన్ తప్పు కాదు. మనం తెలుసుకోవాలనుకున్నది ఒకటి, అది కొలుస్తున్నది ఇంకొకటి. బాలానగర్ గారి మైక్రోమీటర్ కూడా అబద్ధం చెప్పలేదు. 38 డిగ్రీల్లో రింగు ఎంతుందో దాని లెక్కలో చెప్పింది. కస్టమర్ అడిగింది 20 డిగ్రీల్లో రింగు ఎంత అని.

చర్లపల్లి భాయ్:
మేడమ్, వినడానికి బాగుంది. జాబ్ వర్క్ రేటు ఎంతో తెలుసా? ఆ డబ్బుకి 20 డిగ్రీల గది ఎక్కడ కడతాం? అంత టైట్ టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) ఇచ్చేవాళ్ళు రేటులో కూడా చూపించాలి. పైగా ఆ రింగు రేపు ఏ వేడిలో పనిచేస్తుందో ఎవరికి తెలుసు, 20 పట్టుకుని కూర్చుంటే ఎలా?

పాత టూల్‌రూమ్:
రేటు సంగతి నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. 20 సంగతి మాత్రం ఒప్పుకోను. రింగు ఇక్కడ చేస్తారు, అది కూర్చునే హౌసింగ్ ఇంకెక్కడో చేస్తారు. ఇద్దరూ ఒకే డిగ్రీ దగ్గర మాట్లాడుకోకపోతే బిగింపు కుదరదు. ఇక గది కట్టక్కర్లేదు భాయ్. అదే అల్యూమినియంతో ఒక మాస్టర్ డిస్క్ చేయించుకుని, ల్యాబులో 20 దగ్గర ఒక్కసారి కొలిపించాలి. దాన్ని షెడ్డులో జాబ్ (చేస్తున్న రింగు) పక్కనే ఉంచి, దాంతో మైక్రోమీటర్ సెట్ చేసి, తేడా మాత్రం చూడాలి. మాస్టరూ జాబూ సమానంగా ఉబ్బుతాయి. మేం ఎండాకాలమంతా అలాగే నెట్టుకొచ్చేవాళ్ళం. ఒక్కటే జాగ్రత్త, జాబ్‌ని అరచేతిలో పట్టుకుని కబుర్లు చెప్పకూడదు, ఒంటి వేడి ఎక్కుతుంది.

బాలానగర్ లేత్:
నిన్న రాత్రి ఒక రింగూ, మైక్రోమీటరూ, సెట్టింగ్ రాడ్డూ ఆఫీసు గదిలో పెట్టి ఏసీ రిమోట్ మీద 20 కొట్టి వెళ్ళాను. పొద్దున కొలిస్తే 119.966. కస్టమర్ 119.960 అన్నాడు. ఇంకా 6 మైక్రాన్లు నా వైపే ఉన్నాయి!

పాత టూల్‌రూమ్:
రిమోట్ మీద 20 అంటే గదిలో 20 కాదు నాయనా. బల్ల మీద థర్మామీటర్ పెట్టావా?

బాలానగర్ లేత్:
ఇప్పుడే పెట్టాను సార్, 24. నాలుగు డిగ్రీలకి దాదాపు అయిదున్నర మైక్రాన్లు, అంటే అదీ తేలిపోయింది. రింగులు స్క్రాప్‌కి వేస్తున్నాను, కొత్త లాట్ మెటీరియల్ సగం కస్టమర్ ఇస్తానన్నాడు. ఇదంతా పక్కన నిలబడి చూస్తున్న మా కుర్రాడు అడుగుతున్నాడు: "అన్నా, ఈ థర్మామీటర్‌కి క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేయించినవ్?"